శివారు బస్సు టైమ్‌టేబుల్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ శివారు బస్సు టైమ్‌టేబుల్ గారి సముఖమునకు, స్టాపులో నిలబడ్డవాళ్లు చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

ముందుగా మీ నిలకడకు నమస్కారం. మీ లెక్కలో శివారు జనమంతా ఇప్పటికీ ఒకే ఆఫీసులో పనిచేస్తున్నారు. పొద్దున ఎనిమిదికి కట్టకట్టుకుని నగరం నడిబొడ్డుకు వెళ్తారు, సాయంత్రం ఆరుకు కట్టకట్టుకుని వెనక్కి వస్తారు. ఆ మధ్యలో శివార్లలో మనుషులుండరు, ఉన్నా గడప దాటరు. ఆదివారమైతే ఊపిరి కూడా ఇంట్లోనే పీల్చుకుంటారు.

2020లో కరోనా వచ్చి ఆఫీసులు మూతపడిన సంగతి మీదాకా వచ్చిందో లేదో. తర్వాత తలుపులు తెరిచారు గానీ, కుర్చీలన్నీ నిండలేదు. చాలా నగరాల్లో ఇప్పుడు ఆఫీసు జనం మంగళ, బుధ, గురువారాల్లో దర్శనమిస్తారు. సోమ, శుక్రవారాల్లో ఇంటి నుంచే పని. నెల పాసు కొనేవాళ్లు రోజు టికెట్టుకు దిగారు. శని, ఆదివారాల ప్రయాణాలేమో చాలాచోట్ల పనిరోజులకన్నా ముందే కోలుకున్నాయి. మీరు బస్సులన్నీ పోగేసిన గంటల్లో జనం పలచబడ్డారు, మీరు కునుకు తీసే గంటల్లో మేం నిలబడే ఉన్నాం.

మేమంటే ఎవరంటారా? ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి, మీ రద్దీకి ఎదురుదిశలో ఇల్లు చేరాల్సిన నర్సు. ఆఫీసరు రాకముందే ఆయన గది ఊడ్చి పెట్టాల్సిన మనిషి. గోదాములో రెండో షిఫ్టు కుర్రాడు. పిల్లను బళ్లో దింపి, తల్లిని డాక్టరుకు చూపించి, మందులు కొని, ఆపైన పనికెళ్లే ఇల్లాలు. ఆవిడవి రోజంతా చిన్న చిన్న ప్రయాణాలు, అన్నీ ఈ చుట్టుపక్కలకే. మీ పట్టిక చూస్తే మాత్రం ఆవిడ కూడా టై కట్టుకుని ఎనిమిదింటి బస్సెక్కే మగవాడే.

పక్క శివారుకు వెళ్లాలంటే మీరు చూపే దారి మరీ ముచ్చటైనది. ముందు నడిబొడ్డుకు వెళ్లాలి, అక్కడ బస్సు మారాలి, మళ్లీ ఇటే రావాలి. మీ దారులన్నీ చక్రం ఆకుల్లా మధ్యకే పోతాయి కదా. కళ్లకు కనబడే చోటికి నగరమంతా ప్రదక్షిణం చేయించే పుణ్యం మీదే.

“మధ్యాహ్నం బస్సులు ఖాళీగా తిరుగుతున్నాయి” అన్నది మీ పాతపాట. నిజమే, తిరుగుతున్నాయి. ఎందుకు ఖాళీ అయ్యాయో కూడా చెప్పుకుందాం. ఆక్యుపెన్సీ రేషియో, అంటే సీట్లు నిండే శాతం, తక్కువగా ఉందని అరగంటకొక బస్సును గంటకొకటి చేశారు. సగటున పావుగంట ఎదురుచూసేవాడు అరగంట చూడాల్సి వచ్చింది. మధ్యలో బస్సు మారే ఖర్మ పడితే ఇంకో అరగంట. స్తోమతున్నవాడు బండి కొనుక్కున్నాడు, లేనివాడు ప్రయాణమే మానుకున్నాడు. రేషియో ఇంకాస్త పడింది. “మేం చెప్పలేదూ!” అని ఇంకో ట్రిప్పు కోశారు. గొడ్డుకు మేత మాన్పించి, పాలివ్వడం లేదని పంచాయితీ పెట్టినట్టుంది.

హెర్బర్ట్ మోరింగ్ అనే ఆర్థికవేత్త 1972లోనే దీన్ని తిరగేసి చూపించాడు. ప్రయాణికులు పెరిగి, దానికి తగ్గట్టు బస్సులూ పెరిగితే, కొత్తగా వచ్చినవాడికే కాదు, ఎప్పటినుంచో ఎక్కుతున్నవాడికీ ఎదురుచూపు తగ్గుతుంది. రోడ్డు మీద ఇంకో కారు వస్తే అందరికీ తంటా. బస్సుకు ఇంకో మనిషి వస్తే, మీరు మనసు పెడితే, అందరికీ లాభం. అరవై ఏళ్లైనా కాకుండానే మీదాకా ఎలా వస్తుంది లెండి ఆ ముక్క!

ఇక మీ ముద్దుల రద్దీ వేళ. ఆ బస్సు నిండుగా వెళ్తుంటే మీకు కడుపు నిండిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ అది ఒకవైపే నిండుతుంది, తిరుగు ట్రిప్పు ఖాళీ. ఆ తర్వాత సాయంత్రం దాకా డిపోలో ఎండకు ఎండుతుంది. ఆ కాసేపటి కోసం ఒక బస్సు కొనాలి, ఒక డ్రైవరును పెట్టుకోవాలి, అతని రోజును రెండు ముక్కలు చేసి మధ్య ముక్కను అతని చేతిలో పెట్టి “తిరిగి రా” అనాలి. ఎలాగూ కొన్న బస్సును మధ్యాహ్నం తిప్పడానికయ్యే అదనపు ఖర్చు దీని ముందు ఏపాటిది? అయినా కత్తెర ఎప్పుడూ మధ్యాహ్నం మీదకే.

మీ జాతిలో మారినవాళ్లు లేకపోలేదు. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో 2015 ఆగస్టులో రాత్రికి రాత్రి పాత బస్సు పట్టికంతా పక్కన పడేశారు. నడిబొడ్డుకే పరుగెత్తే దారులను అడ్డం నిలువు గళ్లుగా అల్లి, ముఖ్యమైన వాటిలో పావుగంటకో బస్సు, అదీ ఆదివారంతో సహా తిప్పారు. శని, ఆదివారాల్లో జనం బాగా పెరిగారు. దానికీ మూల్యం ఉంది: ఎక్కేవాళ్లు తక్కువున్న కొన్ని దారుల్లో సర్వీసు తగ్గించాల్సి వచ్చింది. అక్కడివాళ్ల గోడు అబద్ధమేం కాదు. ఉన్న బస్సులు అవే అయినప్పుడు అందరి గుమ్మం ముందుకూ రావడం, అరక్షణంలో రావడం, రెండూ కుదరవు. ఏది కావాలో తేల్చుకుని బయటికి చెప్పే ధైర్యం ఉండాలి. మీరు రెండూ ఇస్తున్నామంటారు, రెండూ ఇవ్వరు.

కాబట్టి ఒక చిన్న కోరిక. ఈసారి లెక్కలు తీయడానికి మంగళవారం ఉదయం ఎనిమిదింటికి రాకండి. శుక్రవారం మధ్యాహ్నం రండి, ఆదివారం సాయంత్రం రండి. బస్సులో కూర్చున్నవాళ్లను సరే, స్టాపులో చూసి చూసి ఆటో ఎక్కి పోయినవాళ్లను కూడా లెక్కపెట్టండి.

ఇట్లు,
తమ రికార్డుల్లో ‘డిమాండ్ లేదు’గా నమోదైన
ఒక ప్రయాణికుడు

తా.క.: ఇది ముగిస్తుండగా రెండు బస్సులు జంటగా వచ్చాయి. మొదటిది కాస్త ఆలస్యమైంది కాబట్టి ప్రతి స్టాపులోనూ జనం పోగయ్యారు, వాళ్లను ఎక్కించుకునే పనిలో ఇంకా ఆలస్యమైంది. వెనకది ఎక్కేవాళ్లు లేక దాన్ని అందుకుంది. ఇలా ఎందుకు జరుగుతుందో న్యూవెల్, పాట్స్ అనే పరిశోధకులు 1964లోనే లెక్క కట్టి చెప్పారు. మొదటి బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నారు, రెండోది ఖాళీ. ఏది రద్దు చేయాలో మీరు ఈపాటికే నిర్ణయించేసుకుని ఉంటారు.