పిల్లలు రాజ్యాంగం చదివారు, కొంప మునిగింది

మా తరం తల్లిదండ్రులం చేసిన ఘోరమైన తప్పు ఒకటుంది. పిల్లలచేత సాంఘికశాస్త్రం చదివించాం.

పదో తరగతిలో మా అమ్మాయికి ప్రాథమిక విధులు నేనే దగ్గర కూర్చుని బట్టీ పట్టించాను. 51-ఏ(జి): అడవులను, చెరువులను, నదులను, వన్యప్రాణులను కాపాడాలి, ప్రాణుల మీద దయ చూపాలి. 1976లో 42వ సవరణతో చేరింది. పరీక్షలో మార్కులొస్తాయి కదా అనుకున్నాను. మార్కులొచ్చాక మరిచిపోవాలని విడిగా చెప్పాలా? ఇంగితం ఉంటుందనుకున్నాను. అది కాస్తా లాసెట్ రాసి కూర్చుంది.

2025 ఉగాది సంగతే చూడండి. హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చెట్టూచేమా మీదికి బుల్డోజర్లు దిగాయి. ఉగాది, వెంటనే రంజాన్, వరుస సెలవులు, కోర్టులకు తాళాలు. పంచాంగ శ్రవణం చేసే పంతులుగారు కూడా అంత మంచి ముహూర్తం పెట్టలేరు. సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు పచ్చడి తిని పడుకోవచ్చుగా? యంత్రాలకు అడ్డం వెళ్లారు, నెమళ్ల అరుపులు ఫోన్లలో పట్టి ఊరంతా వినిపించారు, హైకోర్టు మెట్లెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానే కేసు తీసుకుని పనులు ఆపేసింది. ఆ తర్వాత, అడవిని మళ్లీ పెంచకపోతే అధికారులు జైలుకెళ్లాల్సి ఉంటుందని కూడా అంది. నెమలి అరిస్తే అధికారి జైలుకా? ఏం రోజులొచ్చాయి!

ఇదంతా బయట ఊళ్ల నుంచి అంటుకున్న జాడ్యం. 2017లో ఉత్తరాఖండ్‌కు చెందిన తొమ్మిదేళ్ల పిల్ల, వాతావరణ మార్పు మీద సర్కారు చేస్తున్నది చాలదని, పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రైబ్యునల్‌కు వెళ్లింది. 2019లో కొట్టేశారు. హమ్మయ్య అనుకున్నాం. అంతలో అమెరికాలో మోంటానా రాష్ట్రం మీద 16 మంది పిల్లలు కేసు వేసి 2023లో గెలిచారు, మరుసటేడు పైకోర్టు కూడా వాళ్ల వైపే మొగ్గింది. పసిఫిక్ దీవుల్లో 27 మంది లా విద్యార్థులు 2019లో క్లాసులో కూర్చుని మొదలుపెట్టిన ముచ్చట 2025 జులైకి వాతావరణ మార్పు మీద అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం దాకా వెళ్లింది. మా రోజుల్లో 27 మంది క్లాసులో ఒక్కమాట మీదికొచ్చారంటే మార్నింగ్ షోకే.

మన సుప్రీంకోర్టు కూడా 2024లో, వాతావరణ మార్పు చేటు తగలకుండా బతకడం హక్కేనని 14, 21 అధికరణాలు చూపించి చెప్పింది. అది బట్టమేక పిట్ట కోసం వేసిన కేసు. పిట్టలు తగిలి చావకుండా కరెంటు తీగలు భూమిలోంచి వెయ్యాలన్న పాత ఉత్తర్వును అందులోనే సడలించారు. పిట్ట పేరున కేసు, మనిషికి హక్కు, తీగలు మాత్రం చాలావరకు పైనే. ఇలాంటి తీర్పులంటే నాకు గౌరవం.

నా బాధ వేరే. మా అపార్ట్‌మెంట్ పేరు లేక్ వ్యూ. కొన్నప్పుడు బ్రోచర్‌లో తప్ప చెరువు ఎక్కడా కనపడలేదు. ఏటా వానాకాలం మాత్రం చెరువే సెల్లార్‌లోకి వచ్చి మమ్మల్ని చూసి పోతుంది. మోటారు పెట్టి తోడిస్తాం, మెయింటెనెన్స్‌లో కలిపేస్తాం, అందరం సుఖంగా ఉంటాం. మొన్న మా అమ్మాయి పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తుతో పాత నక్షా తెప్పించి డైనింగ్ టేబుల్ మీద పరిచింది. పప్పు గిన్నె పక్కకు జరిపి వేలు పెట్టి చూపించింది. ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు, సరిగ్గా మా లిఫ్టు దగ్గర ఉంది.

"ఎవరిమీద వేస్తావే కేసు?" అన్నాను.

"బిల్డర్, పర్మిషన్ ఇచ్చినవాళ్లు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్."

అసోసియేషన్‌కు సెక్రటరీని నేనే.

విచారణ గ్రీన్ ట్రైబ్యునల్ చెన్నై బెంచ్‌లోనట. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌కు రెండు టికెట్లు తియ్యమంది. రెండెందుకన్నాను.

"ప్రతివాది రావద్దా డాడీ? లోయర్ బెర్త్ నీకే."