చదువుకు శీల పరీక్ష ఎందుకు పెట్టారు?

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఆడవాళ్ల చదువు మీద తెలుగునాట నడిచిన వాదాలు చదువుతుంటే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వ్యతిరేకించినవాళ్ల అసలు భయం ఆడవాళ్లకు చదువు ఎక్కదని కాదు, ఎక్కితే చెడిపోతారని. చదువుకున్న భార్య మొగుణ్ని లెక్కచేయదు, ఇల్లు పట్టించుకోదు, పరాయి మగవాళ్లకు ఉత్తరాలు రాస్తుంది అన్నారు. ఈ భయానికి ఆ కాలపు సమాజంలోనే ఒక మూలం ఉంది. అప్పట్లో సాహిత్యం, సంగీతం నేర్చిన ఆడవాళ్లు ఎక్కువగా కనిపించేది దేవదాసీ కుటుంబాల్లో. సంసారి ఆడదానికి అక్షరం అక్కర్లేదు, అక్షరం వచ్చిన ఆడది సంసారి కాదు అన్నట్టుగా జనం మనసులో రెండు గదులు ఏర్పడిపోయాయి. 1901 జనాభా లెక్కల నాటికి దేశంలో చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు.

అందువల్ల స్త్రీ విద్య అనేది మొదటి రోజు నుంచే శీలం తగాదాగా మారింది. మగపిల్లాణ్ని బడికి పంపేటప్పుడు "వీడు చదివితే గుణవంతుడుగా ఉంటాడా" అని ఎవరూ హామీ అడగలేదు. ఆడపిల్లకు మాత్రం ముందు హామీ, తర్వాతే పలక. ఆ హామీ ఇచ్చి చదువు సంపాదించిపెట్టినవాళ్లూ ఉన్నారు, అసలు ఆ హామీ మమ్మల్నే ఎందుకు అడుగుతున్నారని నిలదీసినవాళ్లూ ఉన్నారు. మన చరిత్ర పుస్తకాలు మొదటివాళ్లకు ఇచ్చినంత చోటు రెండోవాళ్లకు ఇవ్వలేదు. ఆడవాళ్ల సమానత్వం గురించిన వాదం నిజంగా మొదలైంది మాత్రం రెండోవాళ్ల దగ్గరే అని నా అభిప్రాయం.

కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. 1883లో ఆడవాళ్ల కోసమే 'సతీహితబోధిని' పత్రిక తెచ్చారు. ఆయనా, ఆ తరం సంస్కర్తలూ ఇచ్చిన జవాబు స్థూలంగా ఇది: చదువుకున్న స్త్రీ చెడిపోదు, ఇంకా మంచి భార్య అవుతుంది, పిల్లల్ని బాగా పెంచుతుంది, ఇంటి లెక్కలు చూసుకుంటుంది. ఈ వాదాన్ని తేలిగ్గా తీసేయలేం. కూతుర్ని బడికి పంపడానికి జంకుతున్న తండ్రి చెవికి ఎక్కే మాట అదొక్కటే. ఇంగ్లండ్‌లో 1792లో స్త్రీల హక్కుల గురించి రాసిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ కూడా చదువుకున్న తల్లి మంచి తల్లి అవుతుందనే వాదాన్ని గట్టిగానే వాడుకుంది. అయితే ఆమె అక్కడ ఆగలేదు. మంచితనం ఆడవాళ్లకు ఒకటి, మగవాళ్లకు ఒకటి ఉండదని, ఉంటే ఇద్దరికీ ఒకే కొలత ఉండాలని కూడా అదే పుస్తకంలో అంది.

భండారు అచ్చమాంబ ఈ రెండు వాదాల మధ్య నిలబడిన మనిషి. 1874లో కృష్ణా జిల్లాలో పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పదేళ్లకే మేనమామ మాధవరావుతో పెళ్లయింది. పెళ్లికి ముందు ఆమెకు చదువు లేదు. మధ్య పరగణాల్లో భర్త ఉద్యోగం చేసే చోటికి తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువు కోసం వచ్చాక, అతనితో పాటు కూర్చుని తెలుగూ హిందీ నేర్చుకుంది. తర్వాత మరికొన్ని భాషలు పట్టుకుంది. పుట్టిన పిల్లలు ఇద్దరూ దక్కలేదు. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి భాగం వచ్చింది. గడిచిన వెయ్యేళ్లలో పేరు తెచ్చుకున్న భారతీయ స్త్రీల జీవితకథలు అవి. తర్వాతి భాగాల్లో వేద, పురాణ కాలాల స్త్రీల గురించీ, పరాయి దేశాల స్త్రీల గురించీ రాయాలనుకుంది. 1905 జనవరిలో ముప్పై ఏళ్లకే చనిపోయింది.

ఆ పుస్తకం ఎందుకు రాసిందో ఆమే చెప్పుకుంది. స్త్రీలు అబలలు, బుద్ధిలేనివాళ్లు అనే నింద అబద్ధమని రుజువు చేయడం మొదటి ఉద్దేశం. చదువూ స్వాతంత్ర్యమూ ఇస్తే చెడిపోతారనే మాట వట్టిదని చూపడం రెండోది. పద్ధతి చూడండి. ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు, సాక్ష్యాలు తెచ్చింది. రాజ్యాలేలినవాళ్లు, యుద్ధాలు చేసినవాళ్లు, కవిత్వం రాసినవాళ్లు, శాస్త్రం చదివినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి నిలబడతారు. "ఆడవాళ్లు ఎప్పుడైనా ఏమైనా చేశారా?" అని అడిగేవాడికి ఒక గొలుసు చేతికిస్తుంది. చేసిన పని ఉన్నా అది ఒకచోట రాసి లేకపోతే లేనట్టే లెక్క అని ఆమెకు తెలుసు. తెలుగులో స్త్రీల చరిత్ర రచన అక్కడే మొదలైంది, అదీ బడి మొహం చూడని ఒక స్త్రీ చేతుల్లో. ఆ ఒక్క పనికే ఆమెకు మనం చాలా రుణపడి ఉన్నాం.

కానీ రెండో ఉద్దేశాన్ని కాస్త ఆగి చూడాలి. చదువుకుంటే చెడిపోరు అని రుజువు చేయడానికి పూనుకోవడమంటే, ఆ పరీక్ష పెట్టే హక్కు ఎదుటివాడికి ఉందని ఒప్పుకోవడమే. ఆమె ఆ పరీక్షకు కూర్చుంది, బ్రహ్మాండంగా పాసయింది, కానీ ప్రశ్నపత్రం తయారుచేసింది ఎవరని అడగలేదు. అప్పటి పరిస్థితిలో అడగగలిగేదా అంటే కష్టమే. వినేవాళ్లే లేని చోట ముందు వినిపించుకోవడానికి దారి చేసుకోవాలి. ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టిందీ, ఊళ్లు తిరిగి సమాజాలు పెట్టించిందీ ఆ దారి కోసమే.

అదే కాలపు కథల్లోనూ ఈ పరీక్ష నడుస్తూనే ఉంటుంది. 1902లో 'హిందూ సుందరి'లో వచ్చిన అచ్చమాంబ 'ధనత్రయోదశి'లో పేద భర్త పండగ పూట దొంగసొమ్ముకు ఆశపడితే భార్య అడ్డుపడి అతన్ని దారికి తెస్తుంది. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు'లో చదువుకున్న కమలిని సానిపాటలకు తిరిగే భర్తకు ఒక ఉత్తరంతో బుద్ధి చెబుతుంది. తెలుగులో తొలి కథ ఏదన్న చర్చ దగ్గరే మనం ఆగిపోతుంటాం గానీ, రెండు కథల్లోనూ భార్య తెలివి ఖర్చయ్యేది భర్తను బాగుచేయడానికే అన్నది గమనించం. రెండూ మంచి కథలే. కమలినిని నాకు చాలా ఇష్టం. ఆమె ఆ చదువుతో తన కోసం ఏం చేసుకుందో మాత్రం కథ చెప్పదు.

చదువు కావాలనడం, సమానత్వం కావాలనడం ఒకటే అనుకుంటే కూడా పొరపాటే. కాకినాడ నుంచి 'సావిత్రి' పత్రిక నడిపిన పులుగుర్త లక్ష్మీనరసమాంబ స్త్రీ విద్యను సమర్థించారు, వితంతు వివాహాన్ని వ్యతిరేకించారు. ఆమె దృష్టిలో ఆ రెంటికీ పొత్తు కుదరకపోవడమేమీ లేదు. చదువు వల్ల స్త్రీ ఉన్న కట్టుబాట్లలోనే ఇంకా గట్టిగా నిలబడుతుందనుకునేవాళ్లకు చదువంటే భయం ఉండక్కర్లేదు.

పరీక్ష పెట్టేవాళ్లనే ఎదురు ప్రశ్న అడిగిన గొంతు అంతకు ఇరవై ఏళ్ల ముందే బేరార్‌లోని (ఇప్పటి మహారాష్ట్ర) బుల్ఢాణాలో లేచింది. 1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే వితంతువుకు, తనకు పుట్టిన బిడ్డను చంపిందన్న నేరం మీద ఉరిశిక్ష పడింది. తర్వాత దాన్ని ద్వీపాంతరవాస శిక్షగా తగ్గించారు. ఆ కేసు సాకుగా పత్రికల్లో ఆడజాతి నీతి మీద రాతలు పోటెత్తాయి. వాటికి జవాబుగా తారాబాయి షిండే 1882లో 'స్త్రీ పురుష తులన' అని మరాఠీలో ఒక చిన్న పుస్తకం అచ్చువేసింది. ఆడవాళ్లు గుణవంతులని నిరూపించడం ఆమె పని కాదు. మీరు ఆడవాళ్లకు అంటగట్టే ప్రతి దుర్గుణాన్నీ తెచ్చి మీ పక్కన పెట్టి చూసుకోండి అంటుంది. వితంతువును ఆ స్థితికి తెచ్చిన మగవాడు కోర్టులో ఎందుకు లేడు? భార్య పోయిన పదో రోజుకే ఇంకో పెళ్లి చేసుకునే మగవాడికి లేని నియమం భర్త పోయిన పిల్లకు ఎందుకు? శాస్త్రాలు రాసినవాళ్లను కూడా ఆమె వదల్లేదు. ఆ పుస్తకం మీద వచ్చిన దాడిని ఎదుర్కొని ఆమె పక్షాన రాసినవాడు జోతీరావు ఫూలే. ఆ తర్వాత తారాబాయి ఇంకేమీ ప్రచురించలేదు. అంత పదునైన కలం ఒక్క పుస్తకంతో ఆగిపోవడం ఈ చరిత్రలో పెద్ద నష్టాల్లో ఒకటి.

అదే ఏడాది పండిత రమాబాయి విద్యా విషయాల హంటర్ కమిషన్ ముందు సాక్ష్యం ఇచ్చింది. ఈ దేశంలో చదువుకున్న మగవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది స్త్రీ విద్యకు వ్యతిరేకులని, ఆవగింజంత తప్పు కనిపిస్తే దాన్ని కొండంత చేసి ఆడదాని శీలాన్ని నాశనం చేయడానికి చూస్తారని సర్కారు కమిషన్ ముందే చెప్పింది. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. వాదించి ఊరుకోలేదు. ఆడ టీచర్లను తయారుచేయాలని, బడుల తనిఖీకి ఆడ ఇన్‌స్పెక్టర్లు కావాలని, ఆడవాళ్లకు వైద్యవిద్య నేర్పాలని అడిగింది. చదువును కొలువుతో ముడిపెట్టిన అడుగు అది. టీచరుగా, డాక్టరుగా జీతం తెచ్చుకునే స్త్రీ చదువు, మొగుడి మంచి కోసమో పిల్లల పెంపకం కోసమో అనే సాకు మీద ఆధారపడక్కర్లేదు.

తెలుగులో ఆ ఎదురు ప్రశ్న వేసింది బెంగళూరు నాగరత్నమ్మ. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజుల కాలంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. వీరేశలింగం తన కవుల చరిత్రలో ఆమెను వేశ్యగా పేర్కొని, కావ్యంలోని శృంగారం స్త్రీలు వినదగినది కాదని, ఆడదై ఉండి సిగ్గు లేకుండా రాసిందని తీర్పు చెప్పారు. దేవదాసీ కుటుంబంలో పుట్టి, సంగీత విదుషిగా పేరు పొందిన నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని వెతికి, పరిష్కరించి, 1910లో వావిళ్ల వారి ద్వారా అచ్చువేయించింది. ఆ ముందుమాటలో ఆమె వేసిన ప్రశ్న సూటిగా ఉంటుంది. సిగ్గు ఆడవాళ్లకే సహజమా, మగవాళ్లకు అక్కర్లేదా? అంతకంటే ముదురు శృంగారం రాసిన మగకవుల ప్రబంధాలను పండితులు నెత్తిన పెట్టుకుంటున్నప్పుడు, అదే పని చేసిన స్త్రీని మాత్రం పుట్టుక పేరుతో తోసేయడం ఏ న్యాయం? 1911లో సర్కారు ఆ పుస్తకాన్ని అశ్లీలం కింద నిషేధించింది. ప్రకాశం పంతులు మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యాక గానీ ఆ నిషేధం తొలగలేదు.

ఈ ఘట్టాన్ని ఒక పుస్తకం నిషేధంగానే చూస్తే అసలు సంగతి తప్పిపోతుంది. స్త్రీ విద్య కోసం జీవితాంతం పోరాడిన పెద్దమనిషే, చదువుకుని, కావ్యం రాసి, ఎవరి అనుమతీ అడగని ఒక స్త్రీ ఎదురైతే తట్టుకోలేకపోయారు. ఆయన నిజాయితీని నేను శంకించను. ధవళేశ్వరం బడి లేకపోతే ఎందరో ఆడపిల్లల బతుకులు అక్కడే ఆగిపోయేవి. కానీ సంస్కర్తలు గీసిన గీత ఎక్కడుందో అక్కడ బయటపడింది. సంసారి స్త్రీకి చదువు ఇవ్వాలంటే ఆ చదువును దేవదాసీ చదువుకు దూరంగా కడిగి ఇవ్వాలనుకున్నారు. ఆ కడగడంలో వందల ఏళ్లుగా ఆడవాళ్ల దగ్గరే ఉన్న సాహిత్యం, సంగీతం, నాట్యం అనే విద్య లెక్కలోకే రాకుండా పోయింది.

ఇందులో కులం ఉందని వేరే చెప్పాలా? "మంచి గృహిణి" వాదం సరిపోయేది గడప దాటని ఇళ్లకే. పొలంలో నాట్లు వేసి, రాళ్లు కొట్టి, కూలి తెచ్చే స్త్రీ ఆ వాదం మొదలయ్యేటప్పటికే బయట ఉంది. ఆమెను గడపలో ఉంచి ఏ చదువు చెబుతారు? 1855లో, సావిత్రీబాయి, జోతీరావు ఫూలేల బడిలో చదువుతున్న పద్నాలుగేళ్ల ముక్తా సాళ్వే అనే, మాంగ్ అనే దళిత కులపు పిల్ల రాసిన వ్యాసం 'జ్ఞానోదయ' పత్రికలో వచ్చింది. అందులో గృహిణి ధర్మం గురించి ఒక్క ముక్క ఉండదు. మాకు వేదాలు చదివే హక్కు లేకపోతే మా మతం ఏమిటో చెప్పండి అని దేవుణ్నే అడుగుతుంది. ప్రసవానికి కూడా నీడ దొరకని తన కులపు ఆడవాళ్ల కష్టం చెబుతుంది. చదువు దేనికని ఆమెకు ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది.

ఇదంతా పాత కథ అయితే ఇంత టెన్షన్ అక్కర్లేదు. ఇప్పటికీ మన ఇళ్లలో ఆడపిల్ల చదువుకు ఆ హామీ పత్రం అంటుకునే ఉంది. ఇంటర్ చదివే కూతురు ఒక అబ్బాయితో మాట్లాడిందని తెలిస్తే మొదట వచ్చే మాట "చదువు మాన్పించేస్తాం" అనే. కొడుకు అదే పని చేస్తే తిట్లు పడతాయి, ఫోన్ లాక్కుంటారు, కాలేజీ మాత్రం ఆగదు. ఒకే క్యాంపస్‌లో ఆడపిల్లల హాస్టల్ గేటు చీకటి పడకముందే మూతపడుతుంది, మగపిల్లలది రాత్రి దాకా తెరిచే ఉంటుంది. లైబ్రరీ ఇద్దరికీ ఒకటే, అందులో కూర్చునే గంటలు వేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దీనికి పేదరికం, కట్నం, పైచదువుకు కాలేజీ దూరం కావడం అన్నీ కారణాలే. వాటి పక్కనే "ఏదైనా జరిగితే పరువు పోతుంది" అనే మాట కూడా ఉంది. ఆ "ఏదైనా" అచ్చమాంబ కాలంలో "చెడిపోవడం" అన్నదే.

అందుకే బడి గోడల మీద "తల్లి చదివితే ఇల్లంతా చదివినట్టే" అని రాసి ఉన్నచోట నాకు ఇబ్బందిగా ఉంటుంది. మాట తప్పు కాదు. కానీ దాని కింద నుంచుని చదువుకుంటున్న పదేళ్ల పిల్లకు, నీ చదువు నీకు పుట్టబోయే పిల్లల కోసమని మనం చెబుతున్నాం. పక్కన కూర్చున్న పిల్లాడికి అలా చెప్పడం లేదు. అమ్మాయిల చదువు గురించి ప్రభుత్వం అడగాల్సినవి రమాబాయి 1882లో అడిగినట్టు ఉండాలి: ఎన్ని మండలాల్లో ఆడపిల్లలకు నడిచి వెళ్లగలిగే దూరంలో జూనియర్ కాలేజీ ఉంది, బస్సు ఏ టైముకు వస్తుంది, చదువు అయ్యాక ఎందరికి జీతం వచ్చే పని దొరికింది. ఇక ఇంట్లో అడగాల్సినది తారాబాయి, నాగరత్నమ్మ అడిగినదే: ఈ షరతు అబ్బాయికి కూడా పెట్టారా?