ఆ విజిటింగ్ కార్డులో అచ్చుతప్పు

"27 ఏళ్లకే వాల్ స్ట్రీట్‌లో వైస్ ప్రెసిడెంట్! ప్యాట్రిక్ బేట్‌మన్ ఏడు విజయ సూత్రాలు. మీ పిల్లలకు తప్పక చదివి వినిపించండి."

ఈ సందేశం నాకు ఈ నెలలో నాలుగుసార్లు వచ్చింది. మొదట డిగ్రీ స్నేహితుల గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆ తర్వాత మా తోడల్లుడి నుంచి. నాలుగోసారి పంపింది సాక్షాత్తూ మా మేనల్లుడు. పైన సూటు వేసుకున్న హాలీవుడ్ నటుడు క్రిస్టియన్ బేల్ ఫొటో, కింద దండం పెడుతున్న రెండు చేతులు. మూడుసార్లు ఊరుకున్నాను. పిల్లలకు వినిపించమన్నారు చూడండి, అక్కడ ఓర్పు పోయింది.

ఈ బేట్‌మన్ 1991 నాటి 'అమెరికన్ సైకో' నవలలో, 2000లో బేల్ నటించగా వచ్చిన సినిమాలో ఉన్న హంతకుడి పాత్ర. పేరులో 'సైకో' అని అంత లావు అక్షరాలతో రాసినా కనిపించనివారికి ఇంకేం చెప్పాలి? సరే, వరసగా చూద్దాం.

"తెల్లవారుజామున అయిదింటికి లేవాలి." మా పాలవాడు మూడున్నరకే లేస్తాడు. అతన్ని ఎవరూ వైస్ ప్రెసిడెంట్‌ను చేయలేదు.

"రోజూ వెయ్యి క్రంచులు." పడుకుని పొట్ట బిగించి లేచే ఆ వ్యాయామం చేయగలిగితే చేయండి. నడుము మీది.

"పెద్దవాళ్లతో పరిచయాలు పెంచుకోవాలి." పాల్ అలెన్ అనే సహోద్యోగి బేట్‌మన్‌ను చివరిదాకా మార్కస్ హాల్బర్‌స్ట్రామ్ అనే మరొకడనుకుంటాడు. అనుకోవడం సబబే అంటాడు బేట్‌మన్ కూడా: ఇద్దరిదీ ఒకే ఉద్యోగం, ఒకే కంపెనీ సూట్లు, ఒకే రకం కళ్లద్దాలు, క్షవరం చేసేవాడు కూడా ఒకడే. డోర్సియా అనే హోటల్లో టేబుల్ కావాలని అడిగితే ఫోనులో అవతలివాడు పగలబడి నవ్వుతాడు. ఇదీ ఆయనగారి పలుకుబడి.

ఇక నాలుగోది. నన్ను రాయడానికి కూర్చోబెట్టింది ఇదే: "ఎవరి అండా లేకుండా స్వశక్తితో ఎదిగాడు."

స్వశక్తి! సినిమాలో కారులో కూర్చుని కాబోయే భార్య ఎవలిన్ అడుగుతుంది, ఆ కంపెనీ దాదాపు మీ నాన్నదే కదా, ఇష్టంలేని ఉద్యోగం మానేయవచ్చు కదా అని. నలుగురిలో కలిసిపోవాలి కాబట్టి చేస్తున్నానంటాడు. సినిమా మొత్తంలో అతను ఉద్యోగం గురించి చెప్పే ఒకే ఒక్క నిజం అది. తండ్రి నీడలో కుర్చీ దొరికినవాణ్ణి తెచ్చి, బ్యాంకు లోను మీద ఇంజనీరింగ్ చదివి ఉద్యోగానికి కాళ్లరిగేలా తిరుగుతున్న పిల్లవాడి ముందు నిలబెట్టి "చూడు, నీలో కసి లేదు" అంటున్నారు. ఆ పిల్లవాడికి లేనిది కసి కాదు, ఆ నాన్న.

పైగా వైస్ ప్రెసిడెంట్ అంటే మనవాళ్లు ఉపరాష్ట్రపతి స్థాయి అనుకుంటున్నట్టున్నారు. కంపెనీల కొనుగోళ్లు, విలీనాలు నడిపే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల్లో అనలిస్టు, అసోసియేట్, వాళ్ల మీద వైస్ ప్రెసిడెంట్; ఆ పైన డైరెక్టర్లు, మేనేజింగ్ డైరెక్టర్లు. మధ్య మెట్టు. సినిమాలో ఆ విజిటింగ్ కార్డుల దృశ్యం గుర్తు తెచ్చుకోండి. ముగ్గురు కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు తమ కార్డులు తీస్తారు, చివర పాల్ అలెన్ కార్డు కూడా బయటికొస్తుంది. నలుగురూ వైస్ ప్రెసిడెంట్లే. నలుగురి ఫోను నంబరూ ఒకటే. కాగితం ఎముక రంగా, గుడ్డుపెంకు రంగా అని చెమటలు పట్టేదాకా పోటీ. ఇంతా చేసి ఆ కార్డుల మీద 'అక్విజిషన్స్' అన్న ఇంగ్లీషు మాటలో 'సి' అక్షరం ఎగిరిపోయింది. కంపెనీలను కొనిపెట్టడం వాళ్ల వృత్తి, ఆ వృత్తి పేరే తప్పు.

"పని మీద ఏకాగ్రత." ఏ పని? ఆఫీసులో చెవులకు హెడ్‌ఫోన్లు, ఎదురుగా టీవీ, చేతిలో గళ్లనుడికట్టు. నిజంగా పనిచేసేవాళ్ల సంగతి వేరు. 2021లో గోల్డ్‌మన్ శాక్స్ అనే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో మొదటి ఏడాది ఉద్యోగులు 13 మంది తమలో తామే సర్వే చేసుకుని అధికారులకు చూపించారు: వారానికి సగటున 95 గంటల పని, రోజుకు అయిదు గంటల నిద్ర, పక్క మీదికి చేరేసరికి మూడు. మా మేనల్లుడు గచ్చిబౌలిలో కూర్చుని న్యూయార్క్ వాళ్లకు స్లైడ్లు చేసిపెడతాడు. ఈ ఏడు సూత్రాలు అతను నాకు పంపింది రాత్రి 2.40కి.

"మగవాడు భావోద్వేగాలకు లొంగకూడదు." లొంగలేదు నిజమే. నేల మీద వార్తాపత్రికలు పరిచి, వానకోటు తొడుక్కుని, గొడ్డలి పట్టుకున్నాడు. ఈ 'మగతనం' సూత్రాన్ని గుండెలకు హత్తుకున్నవారికి ఒక చేదు వార్త: ఆ సినిమా తీసింది మేరీ హారన్ అనే ఆవిడ. స్క్రీన్‌ప్లే ఆమె, గ్వినెవెర్ టర్నర్ కలిసి రాశారు. ఇద్దరు ఆడవాళ్లు మిమ్మల్ని చూసి నవ్వడానికి చేసిన బొమ్మను మీరు దేవుడి గదిలో పెట్టుకున్నారు.

మిగిలింది చర్మ సంరక్షణ. ఇక్కడ మాత్రం ఓడిపోయాను. ఆల్కహాలు ఉన్న ఆఫ్టర్‌షేవ్ ముఖాన్ని ఎండబెట్టి ముసలివాణ్ణి చేస్తుందంటాడు. నేనూ మానేశాను. బాగానే ఉంది.

మరొకటి కూడా ఒప్పుకోవాలి. తప్పంతా ఫార్వర్డ్ చేసేవాళ్లది కాదు. సాలమన్ బ్రదర్స్ అనే వాల్ స్ట్రీట్ సంస్థలో పనిచేసి బయటికొచ్చిన మైకేల్ లూయిస్, తెలివైన పిల్లలు ఆ ఉద్యోగాల జోలికి పోకూడదనే ఆశతో 1989లో 'లయర్స్ పోకర్' రాశాడు. అది కల్పన కాదు, సొంత అనుభవం. తీరా ఒహైయో స్టేట్ యూనివర్సిటీ విద్యార్థుల నుంచి ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి, వాల్ స్ట్రీట్ గురించి ఇంకేమైనా రహస్యాలుంటే చెప్పమని. వెక్కిరించడానికైనా ఒకణ్ణి అంత అందంగా ముస్తాబు చేస్తే చూసేవాడి కళ్లు సూటు మీదికే పోతాయి.

ఇది రాయడానికి నిన్న ఆ కార్డుల దృశ్యం మళ్లీ చూశాను. రెండుసార్లు. తర్వాత జేబులోంచి నా కార్డు తీసి దీపం దగ్గర పెట్టి చూసుకున్నాను. అచ్చుతప్పు లేదు. కాగితమే మరీ పల్చగా ఉంది.