‘ఓడ ఆగుతుందిలే’ అన్న ఫార్వర్డ్‌కి నా జవాబు

మా బెంగళూరు అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకే ఫార్వర్డ్ నెలలో మూడుసార్లు తిరిగింది. నాలుగోసారి చెన్నై నుంచి మా ఆడపడుచు పంపింది. కింద ‘వదినా, డబ్బు బాగానే తగలేశారన్నమాట’ అని ఓ నవ్వు బొమ్మ. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

సంగతేమిటంటే, బ్రిటన్ చుట్టూ తిరిగే క్రూయిజ్ ఓడలు కొన్ని స్కాట్లాండ్ ఉత్తరాన ఇన్వర్‌గోర్డన్ రేవులో ఒక పగలంతా ఆగుతాయి. ప్రయాణికుల్ని గైడుతో సహా కోచ్ బస్సులు ఎక్కించి, కోటలూ సరస్సులూ చూపించి, సాయంత్రానికి మళ్లీ ఓడ దగ్గర దించుతారు. ఈ టూర్లను ఓడ కంపెనీయే అమ్ముతుంది. ఫార్వర్డ్ రాసినాయన పేరు పెట్టుకోలేదు గానీ ‘అనుభవంతో చెబుతున్నా’ అని మాత్రం రాసుకున్నాడు. ఆయన లెక్కలో ఇదంతా పచ్చి దోపిడీ. రేవులో దిగి టాక్సీ మాట్లాడుకుంటే సగం ఖర్చే అవుతుందట. కోటల్ని బస్సు కిటికీలోంచి చూపించి లాగించేస్తారట. లోపలికి వెళ్లినా కూలిన గోడలు, ఒక నల్ల చెరువు తప్ప ఏమీ ఉండదట. గైడు చెప్పేవన్నీ కట్టుకథలట. మన మైసూరు ప్యాకేజీ బస్సులాగే షాపుల చుట్టూ తిప్పుతారట. అన్నిటికన్నా ముఖ్యం, ‘కాస్త ఆలస్యమైనా ఓడ ఆగుతుందిలే, టెన్షన్ వద్దు’ అట.

రెండేళ్ల కిందట అత్తయ్య, మామయ్య, మా ఆయన, నేను అదే రేవులో దిగి అలాంటి బస్సే ఎక్కాం. కాబట్టి అనుభవం ఆయనొక్కడికే ఉందని ఒప్పుకోను.

చివరి మాటతోనే మొదలుపెడతాను. మిగతావి నమ్మితే పోయేది డబ్బో, సరదానో. ఇది నమ్మితే ఓడే పోతుంది.

ఓడ ఆగడం నిజమే, కానీ అది తన బస్సు కోసం. కంపెనీ అమ్మిన టూర్ దారిలో ఎక్కడైనా ఇరుక్కుంటే ఓడకి కబురు వెళ్తుంది, మామూలుగా ఆగుతారు. ఆగడం కుదరకపోతే ఆ ప్రయాణికుల్ని తర్వాతి రేవుకి చేర్చడం కంపెనీ పని. సొంతంగా వెళ్లినవాళ్లకి ఆ పూచీ లేదు. ‘ఆల్ అబోర్డ్’ అని ఒక టైమ్ చెబుతారు. ఓడ కదలడానికి అరగంటో, గంటో ముందు ఉంటుంది. అప్పటికి లోపల లేకపోతే మన గొడవ మనదే. రేవు దాటించే పైలట్, రేపు పొద్దున ఇంకో ఊళ్లో ఓడ కట్టే చోటు, అన్నీ టైమ్ ప్రకారం ముందే కుదుర్చుకున్నవి. ఇద్దరి కోసం రెండు వేలమందిని ఎవరు ఆపుతారు? చాలా ఓడల్లో రానివాళ్ల పాస్‌పోర్టులు గదిలోంచి తీసి రేవులో ఉండే ఏజెంటుకి అప్పజెప్పి వెళ్లిపోతారు. తర్వాతి రేవు ఆర్క్‌నీ దీవుల్లో అయితే ఇంకో ఫెర్రీ, నార్వేలో అయితే విమానం టికెట్. ఆ ఖర్చంతా మన జేబులోంచే.

ఆ సాయంత్రం మేం పైడెక్ మీద టీ తాగుతుంటే కింద జెట్టీ మీద ఒక జంట పరుగెత్తుకొచ్చింది. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుంది. ఎక్కే మెట్ల దగ్గర తాళ్లు విప్పడానికి మనుషులు సిద్ధంగా నిలబడి ఉన్నారు. ఎలాగో ఎక్కేశారు. అత్తయ్య గట్టిగా ఊపిరి వదిలి, “రైలు కాదు కదమ్మా, చెయ్యి అందించి లాక్కోవడానికి” అంది. ఫార్వర్డ్ రాసినాయనకి అత్తయ్య పంపిన సమాధానం ఇదేనని అనుకోండి.

ఇక ‘కిటికీలోంచే చూపిస్తారు’ అన్న మాట. టూర్ కాగితంలో మూడు రకాల మాటలుంటాయి. ‘సీనిక్ డ్రైవ్’ అంటే బస్సు దిగేది లేదు. ‘ఫొటో స్టాప్’ అంటే దిగి, పది పదిహేను నిమిషాలు నిలబడి, ఫొటో తీసుకుని ఎక్కడం. లోపలికి వెళ్లాలంటే ‘ఎంట్రీ ఇన్‌క్లూడెడ్’ అని స్పష్టంగా రాసి ఉండాలి. ఆయన ఏ టూర్ కొన్నాడో ఫార్వర్డ్‌లో చెప్పలేదు. దర్శనం టికెట్ కొనకుండా గోపురానికి దణ్ణం పెట్టుకుని వచ్చి, గుళ్లో దేవుడే లేడని చెబితే ఎలా? మేం కొన్నదాంట్లో ఉర్కర్ట్ కోట, కాడర్ కోట రెండిటికీ లోపలి టికెట్ ఉంది. ఒక్కోచోట గంట పైనే వదిలారు. (ఉర్కర్ట్ పేరు స్పెల్లింగ్ చూసి మా ఆయన బస్సులో పెట్టిన ఉచ్చారణలు ఇక్కడ రాయను.)

ఉర్కర్ట్‌లో ముందు ఒక చీకటి హాల్లో కూర్చోబెట్టి కోట చరిత్ర మీద చిన్న సినిమా వేస్తారు. సినిమా అయిపోగానే తెర తొలగిపోతుంది. వెనక అంతా అద్దం, అద్దం అవతల కొండ అంచున కోట, కోట వెనక లాక్ నెస్ సరస్సు. మామయ్య కాసేపు అలాగే కూర్చుని, “ఇదీ సినిమాలో ముక్కే అనుకున్నా” అన్నారు.

నిజమే, అది కూలిన గోడలే. ఎందుకు కూలాయో తెలిస్తే ఆ మాట అంత తేలిగ్గా రాదు. 1692లో ఆ కోటని పేల్చింది శత్రువులు కాదు, లోపల కాపలా ఉన్న ప్రభుత్వ సైన్యమే. తాము వెళ్లిపోయాక జాకొబైట్లు, అంటే దిగిపోయిన రాజు వంశం తరఫున తిరగబడ్డవాళ్లు, వచ్చి కూర్చోకూడదని మందుగుండు పెట్టి మరీ వెళ్లారు. అప్పుడు విరిగి పడిన రాతి దిమ్మ ఒకటి ద్వారం దగ్గర ఇప్పటికీ అలాగే ఉంది. హంపిలో శిథిలాలు చూడ్డానికి ఇక్కణ్ణుంచి రాత్రంతా ప్రయాణం చేసి వెళ్తాం. అక్కడ ‘కూలిన గోడలు’ అని ఎవరూ మూతి ముడవరు.

ఇప్పుడు ఆ ‘నల్ల చెరువు’. ఇది మాత్రం మామయ్య ముందు అనకూడని మాట. ఆయన నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. గైడు మైకులో సరస్సులో 7.4 ఘనపు కిలోమీటర్ల నీళ్లున్నాయనగానే, నా చేతిలోంచి టూర్ కాగితం లాక్కుని వెనకవైపు పెన్నుతో లెక్క మొదలుపెట్టారు. బస్సు రెండు మలుపులు తిరిగేలోపు తేల్చేశారు: దాదాపు 261 టీఎంసీలు. “శ్రీశైలం నిండా నిండితే 215. మైసూరు దగ్గర కేఆర్ఎస్ డ్యామ్ 49. ఇలాంటి కేఆర్ఎస్‌లు అయిదు పోసినా ఇంకా చోటుంటుంది. మన వైపు నాగార్జునసాగర్ ఒక్కటే దీన్ని దాటేది, అది 312” అని మా సీట్ల వరసంతటికీ తెలుగులోనే చెప్పారు. పక్కసీటు ఆస్ట్రేలియా దంపతులు మర్యాదగా తలూపారు.

పొడవు 37 కిలోమీటర్లు ఉన్నా వెడల్పు ఒకటిన్నర కిలోమీటర్లే. మ్యాపులో చూస్తే కత్తితో గీసినట్టుంటుంది. భూమి పొరల్లో పగులు ఒకటి స్కాట్లాండ్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి కోసుకుంటూ పోయింది. దాని వెంట మంచుయుగంలో హిమానీనదాలు తవ్వుకుంటూ పోగా మిగిలిన గుంట ఇది. లోతు సుమారు 230 మీటర్లు. మూడు కుతుబ్ మినార్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా మునిగిపోతాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఉన్న సరస్సులన్నిటి నీళ్లూ కలిపినా దీనంత కావు. కోట కింద ఒడ్డుకి దిగి నేను దోసిట్లోకి తీసుకుని చూశాను. పల్చటి డికాక్షన్ రంగు. అది మురికి కాదు. చుట్టుపక్కల కొండల్లో కుళ్లిన నాచు, గడ్డి పేరుకుని పీట్ అనే నేల తయారవుతుంది. వాన నీళ్లు దాన్ని కడుక్కుంటూ వచ్చి సరస్సులో కలుస్తాయి. అందుకే కొన్ని అడుగుల కింద ఏముందో కనబడదు. బెళ్ళందూరు చెరువు పక్కన బతికే మనకి నల్లనీళ్లంటే అనుమానం రావడం సహజమే, ఆ ఒక్క విషయంలో ఆయన్ని క్షమించవచ్చు.

ఆ చీకటి నీళ్లలోంచే నెస్సీ, అంటే సరస్సులో దాక్కుందని చెప్పుకునే వింత జంతువు కథ, పుట్టింది. గైడు కట్టుకథలు చెబుతాడన్న ఆరోపణకి ఇదే పెద్ద ఆధారమట. మా గైడు ఏం చెప్పాడో రాస్తాను. 1933 మేలో దగ్గర్లోని ఇన్వర్‌నెస్ ఊరి పేపర్లో వింత జంతువు కనబడిందని వార్త వచ్చింది. మరుసటి ఏడాది, పొడుగు మెడ నీళ్లపైకి లేచిన ఫొటో ఒకటి లండన్ పేపర్లో పడింది. బొమ్మ జలాంతర్గామికి తల అంటించి తీసిన మోసం అదని 1994లో బయటపడింది. 2018లో న్యూజీలాండ్‌లోని ఒటాగో యూనివర్సిటీవాళ్లు సరస్సు నీళ్లలో తేలే డీఎన్‌ఏని పరీక్షించారు. మరుసటి ఏడాది ఫలితం చెప్పారు: సరీసృపాల జాడ లేదు, ఈల్ చేపల డీఎన్‌ఏ మాత్రం బోలెడంత ఉంది. ఇవన్నీ మైకులో చెప్పినవే. కథని కథగా, పరీక్షని పరీక్షగా విడదీసి చెప్పిన మనిషిని అబద్ధాలకోరు అంటే ఎలా?

కాడర్ కోట దగ్గరా అంతే. షేక్‌స్పియర్ నాటకంలో మాక్‌బెత్‌కి కాడర్ ప్రభువన్న బిరుదు దక్కుతుంది కాబట్టి, ఆ కోటలోనే రాజుని చంపాడని చాలామంది నమ్మకం. చరిత్రలో నిజంగా ఉన్న మాక్‌బెత్ 1057లో పోయాడు. ఈ కోట కట్టింది 14వ శతాబ్దంలో. ఆ సంగతి గైడు బస్సు ఆగకముందే చెప్పేశాడు.

ఆ కోట గురించి అసలైన కట్టుకథ ఇంకొకటుంది, అది నాకు మహా నచ్చింది. బంగారం మూట వేసిన గాడిదని వదిలి, అది సాయంత్రం ఎక్కడ పడుకుంటే అక్కడ కోట కట్టమని ప్రభువుకి కలలో చెప్పారట. అది ఒక చెట్టు కింద పడుకుంది. నేలమాళిగలో ఆ చెట్టు మోడు ఇప్పటికీ ఉంది, గోడలు దాని చుట్టూ లేచాయి. తాకనివ్వరు గానీ దగ్గర నుంచి చూడనిస్తారు. బూడిద రంగు తిరిగిన సన్నటి మాను. ముళ్లచెట్టని తరతరాలుగా చెప్పుకున్నది కాస్తా పరీక్షిస్తే హాలీ చెట్టని తేలింది. గోడల మధ్య వెలుతురు లేక 1372 ప్రాంతంలో చచ్చిపోయిందని కార్బన్ లెక్క చెప్పింది. అంటే కథలో గాడిద సంగతేమో గానీ, చెట్టు మటుకు నిజం. కుందేలు వేటకుక్కల్ని తరిమిన చోట విజయనగరం కట్టారని చెప్పుకునే మనకి ఈ గాడిద కొత్తేమీ కాదు. అత్తయ్య వెంటనే ఒప్పేసుకుంది.

షాపుల మాటకి వస్తే, ఆయన బాధ అర్థమవుతుంది. మైసూరు ప్యాకేజీలో ప్యాలెస్‌కి ముప్పావుగంట ఇచ్చి, దారిలో పట్టుచీరల షాపు ముందు గంటంబావు నిలబెట్టిన బస్సులో నేనూ కూర్చున్నాను. కానీ ఇక్కడ దారిలో ఒక్క షాపు ముందూ బస్సు ఆగలేదు. కోటలో బయటికొచ్చే దారి గిఫ్ట్ షాపులోంచే ఉంటుంది, అంతవరకే. పైగా డ్రైవరుకి తనకి నచ్చినచోట ఆపే వీలు తక్కువ. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు విరామం తీసుకోవాలని అక్కడ రూలు. బండిలో టాకోగ్రాఫ్ అనే యంత్రం నిమిషం నిమిషం రాసిపెడుతుంది. ‘ఇంకో పది నిమిషాలు ఆగవయ్యా’ అంటే మన డ్రైవర్లు ఆగుతారు, ఆయన ఆగడు. దీనివల్ల మాకు కాడర్ తోట సగమే అయింది. ఆ మేరకు నాకూ కోపమే.

ఇంకో లోటు కూడా దాచను. ఉర్కర్ట్ కోటకి పైనుంచి దిగే దారి వాలుగా ఉంటుంది, బురుజు లోపల మెట్లు ఇరుకు. అత్తయ్య మోకాళ్లు సగంలోనే మొరాయించాయి. ఆవిడ పైన కాఫీ తాగుతూ కూర్చుంది. టూర్ కాగితంలో ఎంత నడక ఉంటుందో రాసే ఉంది, చదవకపోవడం మా తప్పు.

మిగిలింది ధర. ఇందులో ఆయన మాట సగం నిజం. ఓడ టూర్ చవక కాదు, నలుగురికి కలిపి చూస్తే గుండె ఆగుతుంది. కానీ ‘రేవులో దిగి మాట్లాడుకోండి’ అన్నదే తప్పు. ఇన్వర్‌గోర్డన్ చిన్న ఊరు. మెజెస్టిక్ బస్టాండ్ బయటలా ఆటోలు, టాక్సీలు మన కోసం కాచుకుని ఉండవు. పెద్ద ఓడ వచ్చిన రోజు ఉన్న కాసిని బళ్లూ ముందే బుక్ అయిపోతాయి. ఊళ్లో రైల్వేస్టేషన్ ఉంది, ఇన్వర్‌నెస్ దాకా వెళ్లొచ్చు, కానీ రోజుకి లెక్కపెట్టినన్ని రైళ్లే. అక్కడినుంచి ఉర్కర్ట్‌కి మళ్లీ ఇంకో బస్సు పట్టుకోవాలి.

నలుగురు కలిసి వెళ్తుంటే ఇక్కడ బెంగళూరులో ఉండగానే అక్కడి డ్రైవర్-గైడుతో మాట్లాడి కారు బుక్ చేసుకోండి, బస్సు కన్నా బాగానే గిట్టొచ్చు. మేమూ ఈసారి అదే చేద్దామనుకుంటున్నాం. అయితే తిరిగి రేవుకి చేరే టైమ్ ఆల్ అబోర్డ్‌కి రెండు గంటల ముందు ఉండేలా పెట్టుకోండి. దిగేముందు ఇంకో పని చెయ్యండి. ఓడ గడియారం ఒక్కోసారి ఊరి గడియారంతో కలవదు, ఫోనేమో ఊరి టైమ్‌కి దానంతటదే మారిపోతుంది. మెట్ల దగ్గర బోర్డు మీద రాసిన టైమ్ చూసి చేతి వాచీలో అదే పెట్టుకోండి.