నిషేధానికి ముందు డిక్కీ మూత ఎత్తి చూడండి

ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల వినాయక నిమజ్జనం నాడు పార్కులో ఏం జరిగిందో వచ్చినవాళ్లంతా చూశారు. రానివాళ్లకు వాట్సాప్‌లో వీడియో చేరింది. ముందు రోజు వానకు నానిన గడ్డి మీద, స్వామివారి ట్రెయిలర్ తగిలించుకున్న 1995 నాటి షెవ్రొలే కాప్రిస్ వ్యాగన్ (వెనక సామాను చోటున్న పెద్ద కారు) ఆగిపోయింది. కుడివైపు వెనక చక్రం గిరగిరా తిరుగుతోంది, ఎడమ చక్రం మాత్రం ఉలకదు పలకదు. మనవాళ్లు జై బోలో అంటూ వెనక చేరి తోశారు. లోపలున్నాయన ఇంకా గట్టిగా తొక్కాడు. గడ్డి చీలి, బురద లేచి, పిల్లల పట్టులంగాల మీద పడింది. చివరికి ఎవరిదో పికప్ వచ్చి లాగింది. ఆ వారంలోనే మన సంఘం కార్యవర్గం తీర్మానం చేసింది: 2000కు ముందు తయారైన వాహనాలకు ఇక మన ఊరేగింపుల్లో చోటు లేదు.

ఈ తీర్మానం నన్ను నొప్పించింది. బండ్ల మీద ఇష్టం ఒక్కటే కారణం కాదు. తప్పు ఎక్కడుందో చూడకుండానే శిక్ష వేశాం. ఆ వ్యాగన్‌లో 5.7 లీటర్ల వీ8 ఇంజన్ ఉంది, బరువు లాగడం దానికి కొత్త కాదు. దాన్ని ఆపింది వయసు కాదు, వెనక ఉన్న మామూలు ఓపెన్ డిఫరెన్షియల్, అంటే ఇంజన్ బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల అమరిక.

ఓపెన్ డిఫరెన్షియల్‌లో బలమంతా తిరిగే చక్రానికే పోతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. అది రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానంగానే పంచుతుంది. పట్టులేని చక్రం ఎంత తక్కువ బలం తీసుకోగలదో, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది. మరొకటి: ఒక చక్రం ఆగి ఒకటే తిరిగేటప్పుడు, ఆ తిరిగే చక్రం వేగం స్పీడోమీటర్ చూపేదానికి రెట్టింపు. ముల్లు 30 మైళ్ల దగ్గరుంటే టైరు 60 మీద తిరుగుతోంది. పదిమందీ ఒక చెయ్యి వెయ్యడం మన మంచి గుణమే, ఊళ్లో బస్సు దిగబడ్డా అదే చేస్తాం. కానీ అలా తిరిగే టైరు వెనక మనుషుల్ని నిలబెట్టకూడదు. బండికీ మంచిది కాదు. డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు తమను మోసే క్రాస్ పిన్ను మీద విపరీతమైన వేగంతో తిరిగి, ఆయిల్ నిలవక, పిన్ను అరిగి అతుక్కుపోతుంది.

ఆ పూట ఒక్క చిట్కా తెలిసి ఉన్నా సరిపోయేదేమో. పార్కింగ్ బ్రేక్ పెడల్‌ను రెండు మూడు పళ్లు (క్లిక్కులు) మాత్రమే నొక్కి, మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వాలి. తిరిగే చక్రానికి కొంత అడ్డు దొరికి, రెండోదానికీ బలం అందుతుంది. గోదావరి జిల్లాల్లో దమ్ము చేసే ట్రాక్టర్ డ్రైవర్‌కు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక చక్రం దిగబడగానే డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కి బయటపడతాడు. ఆ పొలాల మధ్య పెరిగి, ఇక్కడ ఆటో కంపెనీల్లో ఇంజనీర్లుగా చేస్తున్నవాళ్లు మనలోనే ఎందరో ఉన్నారు.

పెద్ద కార్లకు దీని మందు కొత్తదేమీ కాదు. 1956లోనే ప్యాకార్డ్ ట్విన్ ట్రాక్షన్ పేరుతో లిమిటెడ్ స్లిప్ ఇచ్చింది, అంటే ఒక చక్రం ఊరికే తిరుగుతున్నా లోపలి క్లచ్ ప్లేట్లో కోన్లో పట్టి రెండోదానికీ బలం అందించే డిఫరెన్షియల్. తర్వాత షెవ్రొలే పోజిట్రాక్షన్ అంది, పాంటియాక్ సేఫ్-టీ-ట్రాక్ అంది, క్రైస్లర్ ష్యూర్-గ్రిప్ అంది, ఫోర్డ్ ఈక్వా-లాక్, ఆ తర్వాత ట్రాక్షన్-లాక్ అంది. 1991-96 కాప్రిస్, రోడ్‌మాస్టర్, ఇంపాలా ఎస్ఎస్ బండ్లలో దాని ఆప్షన్ కోడ్ జీ80. సెడాన్‌లో డిక్కీ మూత లోపలివైపు, వ్యాగన్‌లో వెనక సామాను పెట్టేచోట, కోడ్లన్నీ అచ్చేసిన స్టిక్కర్ ఉంటుంది. అందులో జీ80 ఉందా చూడండి. పక్కనే రేషియో (చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే సంఖ్య) కోడ్ కూడా ఉంటుంది: జీయూ2 అంటే 2.73, జీయూ4 అంటే 3.08, జీయూ5 అంటే 3.23, జీయూ6 అంటే 3.42.

స్టిక్కర్ చిరిగిపోయి ఉంటే ముందు చక్రాలకు అడ్డాలు పెట్టి, వెనక రెండూ జాక్ స్టాండ్ల మీద లేపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఒక చక్రం చేత్తో తిప్పండి. రెండోది అదే దిక్కుకు తిరిగితే లిమిటెడ్ స్లిప్, ఎదురు తిరిగితే ఓపెన్. క్లచ్ ప్లేట్లు అరిగిన లిమిటెడ్ స్లిప్ కూడా ఎదురు తిరగవచ్చు కాబట్టి డిఫరెన్షియల్ వెనక కవర్ విప్పి చూస్తేనే ఖాయం. లోపలి యూనిట్‌కున్న కిటికీ లాంటి సందులోంచి, చక్రాల షాఫ్టులను తిప్పే సైడ్ గేర్ల మధ్య క్రాస్ పిన్ను తప్ప ఇంకేమీ కనపడకపోతే ఓపెన్. స్ప్రింగులు కనపడితే లిమిటెడ్ స్లిప్. లిమిటెడ్ స్లిప్ ఉన్న బండిని ఒక్క చక్రమే లేపి ఎప్పుడూ గేరులో వెయ్యకండి. నేల మీదున్న చక్రం బండిని జాక్ మీంచి తోసేస్తుంది.

ఇక లిమిటెడ్ స్లిప్ ఉన్న పాత యాక్సిల్ (డిఫరెన్షియల్, షాఫ్టులతో సహా వెనక ఇరుసు మొత్తం) వెతకడం. జంక్‌యార్డ్‌కు వెళ్తే ఇంపాలా ఎస్ఎస్‌లు, 9సీ1 పోలీసు కాప్రిస్‌లు, ట్రెయిలర్ ప్యాకేజీ వీ92 ఉన్న రోడ్‌మాస్టర్లు ముందు చూడండి. 1994-96 ఎస్ఎస్‌లో 3.08 రేషియో, జీ80 కంపెనీ నుంచే వచ్చేవి. కవర్‌కు పది బోల్టులు ఉన్నంత మాత్రాన కొనెయ్యకండి. లోపలి పెద్ద క్రౌన్ గేరు వ్యాసం 7.5 అంగుళాలున్నదానికీ పదే, 8.5దానికీ పదే. 8.5 కవర్ దాదాపు గుండ్రంగా ఉంటుంది, 7.5ది కోలగా ఉంటుంది. ట్రెయిలర్ లాగే వ్యాగన్‌కు 8.5 తప్ప వేరేది వద్దు. యాక్సిల్ వెడల్పు టేపుతో కొలవండి, ఎందుకంటే సెడాన్‌దీ వ్యాగన్‌దీ ఒకటేనన్న నమ్మకం చాలామందిని ముంచింది. ఎస్ఎస్‌కు వెనక డిస్కులు, వ్యాగన్‌కు డ్రమ్ములు. డిస్కులున్న యాక్సిల్ తెస్తే ముందు-వెనక బ్రేకుల పంపిణీ చూసే వాల్వు సంగతీ చూసుకోవాలి.

అక్కడే కవర్ విప్పించండి. ఆయిల్ అడుగున బూడిదరంగు పొడి కొద్దిగా ఉండటం మామూలే, మెరిసే పెచ్చులుంటే వదిలెయ్యండి. వీలైతే చక్రానికి వెళ్లే షాఫ్టు కూడా బయటికి తీసి చూడండి. ఈ యాక్సిల్‌లో బేరింగ్ రోలర్లు నేరుగా షాఫ్టు మీదే నడుస్తాయి. ఆ చోట గుంటలు, గాట్లు పడి ఉంటే కొత్త బేరింగ్, కొత్త సీలు వేసినా నెలల్లో ఆయిల్ కారి బ్రేక్ షూలు తడుస్తాయి. అమ్మేవాళ్లు చెప్పని లోపం ఇదే. షాఫ్టు తీయాలంటే క్రాస్ పిన్నును పట్టుకున్న లాక్ బోల్టు విప్పాలి. అది సన్నగా ఉండి తరచు విరుగుతుంది. బిగించేటప్పుడు పాతది వాడకండి, కొత్తది థ్రెడ్‌లాక్ పూసి వెయ్యండి. లోపలి యూనిట్ కోన్ రకమైతే అరిగాక బాగుచేయడం కుదరదు, ప్లేట్ల రకమైతే ప్లేట్లు మార్చుకోవచ్చు.

లోపలి యూనిట్ ఒక్కటే మార్చడం కన్నా యాక్సిల్ మొత్తం మార్చడమే మేలని నా గట్టి అభిప్రాయం. యూనిట్ మారిస్తే క్రౌన్ గేరుకూ దాన్ని తిప్పే పీనియన్ గేరుకూ పళ్ల మధ్య సందును (బ్యాక్‌లాష్) డయల్ గేజ్‌తో 0.006-0.008 అంగుళాల మధ్యకు తేవాలి, పళ్ల మీద రంగు పూసి ముద్ర చూడాలి, సందు సరిచేసే ఎడమ కుడి షిమ్ములు (పలుచని రేకులు) కలిసిపోకూడదు. రేషియో సంగతీ ఉంది: 2.56, అంతకు తక్కువకు ఒక క్యారియర్ (క్రౌన్‌ను బిగించే గూడు), 2.73 నుంచి పైకి వేరొకటి. క్రౌన్‌ను పట్టే బోల్టులకు ఎడమ మర ఉంటుంది. తెలియక మామూలు దిక్కుకు విప్పబోతే తలలు తెగుతాయి.

మొత్తం మార్చడానికి ఇద్దరికి ఒక శని, ఆదివారం చాలు. ఫ్రేమును, యాక్సిల్‌ను పట్టి ఉంచే వెనక ఆర్మ్‌ల ముందు స్టాండ్ల మీద నిలిపి, యాక్సిల్ హౌసింగ్ కింద ఫ్లోర్ జాక్ పెట్టండి. ప్రొపెల్లర్ షాఫ్టుకూ అది తగిలే యోక్‌కూ గుర్తు పెట్టి నాలుగు స్ట్రాప్ బోల్టులు విప్పి, యూ-జాయింట్ కప్పులు రాలకుండా టేపు చుట్టండి. బ్రేక్ హోసు ఫ్రేము దగ్గర విప్పి మూత బిగించండి. పార్కింగ్ కేబుళ్లు, ఏబీఎస్ వైర్లు, షాకుల కింది బోల్టులు తీశాక జాక్ మెల్లగా దించితే కాయిల్ స్ప్రింగులు వదులై చేతికి వస్తాయి. తర్వాత పై ఆర్మ్‌లు, చివర కింది ఆర్మ్‌లు. బిగించేటప్పుడు ఒక్కటి మరవకండి: ఆర్మ్‌ల బోల్టులకు ఆఖరి బిగింపు బండి బరువు టైర్ల మీద పడ్డాకే. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్‌లు మెలితిరిగి త్వరగా చిరుగుతాయి.

చివరగా ఆయిల్. జీఎల్-5 80డబ్ల్యూ-90 గేరు ఆయిల్ రెండు లీటర్లు, అందులో లిమిటెడ్ స్లిప్ అడిటివ్ 4 ఔన్సులు. ఇది లేకపోతే మలుపుల్లో వెనకనుంచి గడగడా శబ్దం వస్తుంది, అది విని యాక్సిలే పాడైందనుకుంటారు. పోసిన తర్వాత ఖాళీ పార్కింగ్‌లో నెమ్మదిగా ఎనిమిది ఆకారంలో పది పన్నెండు చుట్లు తిప్పితే ప్లేట్లలోకి ఆయిల్ ఇంకుతుంది. వెనక రెండు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి. లేకపోతే తిన్నగా పోయినంతసేపూ ప్లేట్లు రాసుకుంటూనే ఉంటాయి. రేషియో మారితే ఎల్‌టీ1 (ఈ వ్యాగన్‌లోని 5.7 వీ8) ఇంజన్ బండ్లలో కంప్యూటర్‌కు కొత్త రేషియో చెప్పించాలి.

గెలాక్సీ లాంటి ఫోర్డులున్నవాళ్లకు ఇంకా సులువు. 9 అంగుళాల యాక్సిల్‌లో షాఫ్టులు లాగి, ముందువైపు పది నట్లు విప్పితే డిఫరెన్షియల్ మొత్తం ఒకే ముద్దగా బయటికి వస్తుంది.

కార్యవర్గం భయంలో అర్థం లేదని నేననను. పిల్లలున్నచోట బురదలో టైరు తిరగడం ప్రమాదమే. కొత్త బండ్లలో ట్రాక్షన్ కంట్రోల్ తిరిగే చక్రానికి తనే బ్రేకు వేస్తుంది, అదీ నిజమే. లిమిటెడ్ స్లిప్ కూడా సర్వరోగ నివారిణి కాదు. రెండు చక్రాలకూ పట్టు లేకపోతే అదీ ఆగుతుంది, వాలు మీదైతే బండి వెనకభాగం పక్కకు జారుతుంది. అరిగిన టైర్ల లోటు అది తీర్చలేదు. ఇవన్నీ తూచిన తర్వాత కూడా, తయారైన సంవత్సరం చూసి బండిని గేటు దగ్గరే ఆపడం న్యాయం కాదనే నా మాట. ఆ వ్యాగన్ ఆయన ఏటా అడగకుండానే బండి తెచ్చి, స్వామిని మోసుకెళ్లినవాడు.

అందుకే కార్యవర్గంలోని పెద్దలకు నా విన్నపం. తీర్మానంలో సంవత్సరం మాట కొట్టేసి, ఆ చోట తనిఖీ పెట్టండి: ట్రెయిలర్ లాగే, వెనక చక్రాల బలంతో నడిచే బండికి లిమిటెడ్ స్లిప్ ఉండాలి, వెనక టైర్లు మంచివై ఉండాలి, గడ్డి మీద తోవకు ప్లైవుడ్ పలకలు పరచాలి, బండి ఆగితే చక్రం వెనక మనిషి ఉండకూడదు. మనలోని ఆటో ఇంజనీర్లు చలికాలం పోయాక రెండు రోజులు కేటాయిస్తే ఆ కాప్రిస్‌కు యాక్సిల్ మన చేతులతోనే మార్చెయ్యవచ్చు. వచ్చే చవితికి బండి సిద్ధంగా ఉండాలంటే యాక్సిల్ వేట ఇప్పుడే మొదలుపెట్టాలి, ఎందుకంటే 1996 తర్వాత ఈ బండ్లు తయారు కాలేదు, యార్డుల్లో ఉన్నవీ తుక్కుగా కరిగిపోతున్నాయి.