రేపు ఉదయం పది గంటలకు గ్యాస్ లీకవుతుంది, గమనించగలరు

ఆటోకి మైకు కట్టుకుని ఒక కుర్రాడు మా వీధిలో మూడుసార్లు తిరిగి చెప్పిన మాట ఇది. "రేపు ఉదయం పది గంటలకు ఫ్యాక్టరీలో విషవాయువు లీకవుతుంది. ప్రజలెవరూ ఆందోళన చెందవద్దు. ఇది మాక్ డ్రిల్ మాత్రమే." మా ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పరు. కుళాయి ఎప్పుడు వస్తుందో చెప్పరు. గ్యాస్ ఒక్కటే పద్ధతిగా ముందురోజు కబురంపి వస్తుంది. అంత మర్యాద తెలిసిన వాయువుని చూసి తీరాలని తొమ్మిదిన్నరకే వెళ్లి కూర్చున్నాను.

పది దాటింది, గ్యాస్ రాలేదు. ముఖ్య అతిథి రాలేదు కాబట్టి గ్యాస్ కూడా రాలేదు. పదిన్నరకి ఒక ఆఫీసరు ఫోన్ చూసుకుని "సార్ టోల్‌గేట్ దాటారట" అన్నారు. పైపులోంచి బయటపడాల్సిన విషం పైపులోనే బుద్ధిగా ఆగింది. మన దేశంలో ప్రొటోకాల్ తెలియని రసాయనం లేదు.

ప్రమాదకర రసాయనాల మీద 1989లో వచ్చిన కేంద్ర నియమాలున్నాయి. ఫ్యాక్టరీ గోడ బయట జనానికి ముప్పు వస్తే ఏం చెయ్యాలో ముందే ప్లాన్ రాసుకుని, ఏడాదికోసారైనా రిహార్సల్ వెయ్యాలని అందులో ఉంది. రిహార్సల్ అన్నారు కదా, మనవాళ్లు నాటకమే వేస్తున్నారు. తెర ఒక్కటే తక్కువ. షామియానా ఉంది, ఫ్లెక్సీ ఉంది, ఫ్లెక్సీలో గ్యాస్ బాధితుల కంటే నాయకుల ఫొటోలు ఎక్కువున్నాయి.

బాధితుల వేషాలు ఐటీఐ కుర్రాళ్లవి. ఒక్కొక్కడి చొక్కాకి గుండుసూదితో ఒక చీటీ గుచ్చారు: "స్పృహ లేదు", "కళ్లు మంటలు", "శ్వాస అందడం లేదు". ఒకడికి "మృతుడు" వచ్చింది. వాడి మొహంలో ఆనందం చూడాలి! మృతుడికి పనుండదు, పరుగుండదు. గంటన్నర ఎండలో ఉన్నాక ఆ మృతుడు లేచి పులిహోర పొట్లాల దగ్గర లైన్లో నిలబడ్డాడు. పంచేవాడు చీటీ చదివి, "నీకెందుకురా, ముందు బతికున్నోళ్లకి" అన్నాడు. శ్వాస అందనివాడు అప్పటికే రెండో పొట్లం విప్పాడు.

వీళ్లందరికీ కాస్త దూరంగా, వేపచెట్టు నీడ కూడా సరిపోని చోట, ఎన్డీఆర్ఎఫ్ జవాన్లు నలుగురు నిలబడి ఉన్నారు. (అంటే జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం. వీళ్లు సైన్యం కాదు, సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి దళాల నుంచి వచ్చినవాళ్లు. మా ఊళ్లో మాత్రం బరువైన బూట్లున్న ప్రతివాడూ మిలిటరీయే.) ఒంటి మీద తల నుంచి పాదం దాకా ఒకే ముక్కగా కుట్టిన సూటు, వీపున గాలి సిలిండరు. ఆ సిలిండరులో గాలి అరగంట, మహా అయితే ఇంకాస్త. అందుకని మొహం దగ్గర జిప్పు తీసి పెట్టుకున్నారు. చెమట గడ్డం మీంచి సూటులోకి కారుతోంది. ముఖ్య అతిథి టోల్‌గేట్ దాటినప్పటి నుంచీ వాళ్లు అలాగే ఉన్నారు. ఒకతనికి మంచినీళ్ల సీసా ఇచ్చాను.

"ఏ ఊరు బాబూ?"

"సిక్కోలు సైడేనండి మేస్టారూ. టెక్కలి దగ్గర."

"నిజంగా లీకైతే ఎంతసేపట్లో వస్తారు?"

"ఫోన్ రాగానే బయల్దేరిపోతామండి."

"ఆ ఫోన్ ఎవరు చేస్తారు?"

అతను ఫ్యాక్టరీ వైపు చూశాడు, షామియానా వైపు చూశాడు. సీసా మూత బిగించి తిరిగిచ్చేశాడు.

పదకొండు నలభైకి అతిథి దిగారు, శాలువా కప్పారు, గ్యాస్ లీకైంది. గ్యాస్ అంటే పసుపు పొగ గొట్టం. ఇక్కడొక చిన్న సాంకేతిక లోపం జరిగింది. గాలి ఎటు వీస్తుందో చెప్పే గుడ్డ సంచి ఫ్యాక్టరీ కప్పు మీద ఊగుతూనే ఉంది గానీ, షామియానా వేసినవాడు దాన్ని చూడలేదు. నీడ ఎక్కడుందో చూసుకున్నాడు. పొగ తిన్నగా వేదిక మీదికి వచ్చింది. ముందు వరసలో సోఫాలు ఖాళీ అయ్యాయి. గాలికి అడ్డంగా, పక్కకి పరుగెత్తాలని అంతకు ఐదు నిమిషాల ముందే మైకులో చెప్పారు. చెప్పిన పెద్దమనిషితో సహా అందరూ గాలి వీచే వైపే, పొగతో పోటీపడి పరుగెత్తారు. శాలువా ఒక కుర్చీకి చిక్కుకుని అక్కడే ఉండిపోయింది. "స్పృహ లేదు" చీటీ ఉన్న కుర్రాడు లేచి కూర్చుని ఈ దృశ్యం ఫోన్లో తీశాడు. ఆ రోజు మొత్తంలో నిజంగా జరిగిన జనం తరలింపు అదొక్కటే, సూట్లు వేసుకున్నవాళ్ల ప్రమేయం అందులో ఏమాత్రం లేదు.

సైరన్ గురించి చెప్పకపోతే పాపం. ఏం గొంతు! రెండు కిలోమీటర్ల అవతల కుక్కలు కూడా లేచాయట. అతిథి మెచ్చుకుంటే రెండోసారి కూడా మోగించారు.

ఆ రెండోసారి మోగినప్పుడు నాకు నవ్వు రాలేదు.

2020 మే 7, తెల్లవారుజామున మూడు గంటల వేళ. విశాఖపట్నం ఆర్ఆర్ వెంకటాపురం. ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ అనే ప్లాస్టిక్ ముడిసరుకు ఆవిరై పల్లె మీద పరుచుకుంది. అది గాలి కంటే మూడు రెట్లకు పైగా బరువు, నేలబారుగా పాకుతుంది, నేల మీద చాప వేసుకుని పడుకున్నవాళ్లని ముందు పట్టుకుంటుంది. ఆ ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల మీటలున్నాయని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే రాసింది. గేటు దగ్గర కూడా ఉంది. ముప్ఫై ఆరు! ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఏ చెయ్యీ నొక్కలేదు. జనాన్ని లేపింది వాసన, కళ్ల మంట, పక్కింటివాళ్ల కేకలు. పన్నెండు మంది పోయారు. పరుగెత్తుతూ పరుగెత్తుతూ రోడ్డు మీద కూలిపోయిన మనుషులని దేశమంతా టీవీలో చూసింది. అతిథి ముచ్చటపడితే రెండుసార్లు మోగే యంత్రం, పసిపిల్లలు నిద్రపోతుంటే ఒక్కసారి మోగదా? ఆ మీట నొక్కడానికి ఏ దేశపు కమాండో రావాలి?

సరే, కమాండోల సంగతే మాట్లాడుకుందాం. ఆ రోజు తర్వాత అందరూ వచ్చారు. పుణె నుంచి రసాయన ప్రమాదాల్లో తర్ఫీదున్న ఎన్డీఆర్ఎఫ్ బృందం విమానంలో వచ్చింది. నౌకాదళం విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి ఒకే సిలిండరు నుంచి ఆరుగురికి ఆక్సిజన్ అందించే పరికరాలు ఐదు పంపింది. అవి కోవిడ్ కోసమని విశాఖ డాక్‌యార్డులోనే చేసుకున్నవి. వైమానిక దళం రెండు ఏఎన్-32 విమానాల్లో గుజరాత్‌లోని ముంద్రా నుంచి ఎనిమిది టన్నులకు పైగా రసాయనాలు మోసుకొచ్చింది. వాళ్లని వేలెత్తి చూపేవాడికి కళ్లు పోతాయి.

కానీ ఆ ఎనిమిది టన్నుల సరుకేమిటో ఒకసారి చూడండి. స్టైరీన్ తనలో తాను గడ్డకట్టుకుంటూ వేడెక్కిపోకుండా ఆపే మందు. ట్యాంకులో స్టైరీన్ పోసినప్పుడే తగినంత కలిపి, స్టోరు గదిలో డ్రమ్ములుగా పెట్టుకోవాల్సిన మందు. ఇంట్లో పోపుగింజలు అయిపోయాయని సైన్యాధ్యక్షుడికి ఫోన్ చేసినట్టుంది కథ. ఆ ట్యాంకుని చల్లగా ఉంచే యంత్రాన్ని రాత్రిళ్లు నడపలేదని కమిటీ రాసింది. కరెంటు బిల్లు మిగిలే ఉంటుంది. మిగిలిన ఆ కరెంటు బిల్లుకీ, మనం కట్టిన విమానం పెట్రోలు ఖర్చుకీ తేడా ఎంతో లెక్కగట్టే ఆడిటరు ఇంకా పుట్టలేదు.

భోపాల్ గురించి కొత్తగా చెప్పేదేముంది? 1984 డిసెంబరులో అక్కడ సైరన్ కాసేపు మోగించి, జనం కంగారు పడతారని ఆపేశారు. కంగారు పడాల్సిన రాత్రి అది! పదమూడు రోజుల తర్వాత ట్యాంకుల్లో మిగిలిన రసాయనాన్ని పురుగుమందుగా మార్చి ఖాళీ చేశారు. మళ్లీ లీకైతే అడ్డుకోవడానికని హెలికాప్టర్లు ఫ్యాక్టరీ మీద నీళ్లు చల్లాయి, చుట్టూ తడిపిన గోనెలు కట్టారు. ఆ పనికి "ఆపరేషన్ ఫెయిత్" అని పేరు పెట్టారు. ఫెయిత్ అంటే నమ్మకం. జనం ఆ పేరు విని ఊరు ఖాళీ చేసి రైళ్లెక్కారు.

అదే 1989 నియమాల్లో ఇంకోటి ఉంది. గోడ అవతల ఏముందో, అది బయటికొస్తే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చుట్టుపక్కలవాళ్లకి ఫ్యాక్టరీయే ముందుగా చెప్పాలి. నేను పదకొండేళ్లుగా ఆ గోడ పక్కనే ఉంటున్నాను. నాకు ఆ గోడ అవతలి నుంచి ఏటా ఒక క్యాలెండరు అందుతోంది. పైన వేంకటేశ్వరస్వామి, కింద కంపెనీ పేరు, మధ్యలో వర్జ్యం, దుర్ముహూర్తం. గ్యాస్ ఏమిటో లేదు. డ్రిల్ అయ్యాక ఒకాయన్ని అడిగితే, "ఆ వివరాలు మీకెందుకండీ, టెన్షన్ పడతారు" అన్నారు.

అందుకని సంబంధిత ఆఫీసుకి ఒక అర్జీ పట్టుకెళ్లాను. వచ్చే ఏడాది డ్రిల్ తెల్లవారుజామున మూడు గంటలకి, ఆటో మైకు లేకుండా, జవాన్లని ముందే రప్పించి నిలబెట్టకుండా పెట్టాలని. సైరన్ మోగుతుందో లేదో, ఎవరు నొక్కుతారో, సిక్కోలు కుర్రాళ్లకి ఫోన్ ఎప్పుడు వెళుతుందో తెలుస్తుందని రాశాను. గుమస్తా గారు కళ్లజోడు పెట్టుకుని ఓపిగ్గా రెండుసార్లు చదివారు. తర్వాత చాలా ఆప్యాయంగా చెప్పారు:

"మీ బాధ అర్థమైంది మేస్టారూ. కానీ ఆ టైముకి షామియానా వాళ్లు రారండీ."