హిట్టయితే డెవలపర్, ఫ్లాపయితే పబ్లిషర్: ఈ లెక్క ఎక్కడ తప్పుతోంది?

గేమ్‌లు ఆడేవాళ్ళు నలుగురు చేరితే ఫేవరెట్ డెవలపర్ ఎవరు, పరమ చెత్త ఎవరు అన్న గొడవ రాకుండా ఉండదు. ఆ గొడవ చివరికి ఒకే తీర్పు దగ్గర ఆగుతుంది. మీమ్‌లలో, యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళ మీద, గ్రూపుల్లో మీరూ చూసే ఉంటారు. డెవలపర్లు, అంటే గేమ్ తయారుచేసేవాళ్ళు, కళాకారులు; గేమ్‌ని చంపేది దానికి డబ్బు పెట్టి అమ్మే పబ్లిషరే. ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద పబ్లిషర్) కొన్న స్టూడియో చచ్చినట్టే. ఆంథెమ్‌ని చంపింది ఈఏ. సైబర్‌పంక్‌ని తొందరపెట్టింది ఇన్వెస్టర్లు. లూట్ బాక్సులు, అంటే లోపల ఏముందో తెలియకుండా డబ్బు పెట్టి తెరిచే పెట్టెలు, పెద్ద కంపెనీల పాపం. పబ్లిషర్ పీడ వదిలితే ఏ స్టూడియో అయినా అద్భుతాలు చేస్తుంది. కాబట్టి వాళ్ళ గేమ్‌లు కొనకండి.

మన సినిమా అభిమానులకి ఈ పద్ధతి బాగా తెలుసు. హిట్టు హీరో ఖాతాలోకి, ఫ్లాపు డైరెక్టర్ ఖాతాలోకి. కానీ పై మాటల్ని ఒక్కొక్కటే పట్టుకుని చూస్తే చాలావరకు నిలబడవు.

"ఈఏ కొన్న స్టూడియో చచ్చినట్టే" అన్నదాంట్లో సగం నిజం ఉంది. ముందు ఆ సగం ఒప్పుకుందాం. ఆరిజిన్, బుల్‌ఫ్రాగ్, వెస్ట్‌వుడ్, పాండెమిక్, ఇవన్నీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ చేతికెళ్ళి మూతపడ్డవే. కమాండ్ అండ్ కాంకర్ చేసిన వెస్ట్‌వుడ్‌ని 1998లో కొని 2003లో మూసేశారు. ఈఏ తనే పెట్టుకున్న విసరల్‌నీ 2017 అక్టోబరులో, స్టార్ వార్స్ గేమ్ సగంలో ఉండగానే మూసేశారు. కన్స్యూమరిస్ట్ వెబ్‌సైట్ పెట్టిన ఓటింగులో 2012, 2013 రెండేళ్ళూ "అమెరికాలోకెల్లా చెత్త కంపెనీ" బిరుదు ఈఏకే దక్కింది. రెండుసార్లూ ఫైనల్లో వెనకబడ్డది బ్యాంక్ ఆఫ్ అమెరికా. జనం ఇళ్ళు పోగొట్టుకున్న ఆర్థిక సంక్షోభం తర్వాత ఒక బ్యాంకు కన్నా గేమ్ కంపెనీ చెడ్డదని తేల్చడం నాకైతే అతిగానే అనిపిస్తుంది.

మిగతా సగం సంగతి? మ్యాక్సిస్‌ని ఈఏ 1997లో కొంది. ద సిమ్స్ వచ్చింది 2000లో, అంటే అమ్ముడుపోయాకే. రెస్పాన్‌ని 2017 చివర్లో కొంటున్నామని ప్రకటించినప్పుడు "ఇక అంతే" అని అందరూ సంతాపాలు తెలిపారు. 2019 ఫిబ్రవరిలో ఆ రెస్పాన్ నుంచే ఏపెక్స్ లెజెండ్స్ వచ్చింది. అదే ఏడాది నవంబరులో స్టార్ వార్స్ జెడై: ఫాలెన్ ఆర్డర్ వచ్చింది. ఒక్కరే ఆడుకునే కథ, లోపల అమ్మకాలేవీ లేవు. ఈఏ అలాంటివి చేయనివ్వదనే కదా అప్పటిదాకా అన్నది!

బయోవేర్ చేతులు మారింది 2007–08లో. ఆ తర్వాతే మాస్ ఎఫెక్ట్ 2 వచ్చింది, 2014లో డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్ ద గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్ గెలిచింది. ఈ స్టూడియో గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే ఆంథెమ్ ఈ వాదనకి మూలవిరాట్టు.

2019 ఫిబ్రవరిలో వచ్చిన ఆంథెమ్ ఘోరంగా దెబ్బతింది. అదే ఏప్రిల్‌లో పాత్రికేయుడు జేసన్ ష్రయర్ కొటాకు కోసం స్టూడియో లోపలివాళ్ళతో మాట్లాడి పెద్ద కథనం రాశారు. అందులో బయటపడ్డది అందరూ ఊహించుకున్న కథ కాదు. దాదాపు ఏడేళ్ళ ప్రాజెక్టులో అసలు గేమ్ తయారైంది చివరి ఏడాదిన్నరలోనే. కథ ఏమిటో, ప్రపంచం ఎలా ఉండాలో పెద్దలు తేల్చుకోలేకపోయారు. ఎగరడం ఉండాలా వద్దా అన్నది ఒకసారి పెట్టడం, ఒకసారి తీసేయడం. ఈఏ పెద్దల్లో ఒకరైన పాట్రిక్ సోడర్‌లండ్ డెమో ఆడి ఇది మీరు చెప్పిన గేమ్ కాదని పెదవి విరిచాక, ఆయన్ని మెప్పించడానికి ఎగరడం మళ్ళీ పెట్టారు. ఆంథెమ్‌లో ఏం బాగుండేదని ఎవర్ని అడిగినా ఎగరడమే అంటారు. ఆ ఒక్క మంచి లక్షణం నిలబడింది "దుష్ట పబ్లిషర్" మొహం చిట్లించడం వల్ల!

ఇంకోటి, "బయోవేర్ మ్యాజిక్" అనే నమ్మకం. ఎంత గందరగోళంగా ఉన్నా చివరి నెలల్లో అన్నీ వాటంతట అవే కుదురుతాయని స్టూడియోలో అనుకునేవాళ్ళట. పాత గేమ్‌లకి కుదిరింది కూడా. ఆ కుదరడం వెనక ఉన్నది మాయ కాదు, సిబ్బంది నిద్ర, ఆరోగ్యం. ఆంథెమ్ సమయంలో ఒత్తిడికి డాక్టర్ల సలహా మీద సెలవుపెట్టి వెళ్ళిపోయినవాళ్ళ గురించి ఆ కథనంలో చదివితే మ్యాజిక్ అన్న మాట వింటేనే చిరాకేస్తుంది.

ఈఏ తప్పు లేదా అంటే ఉంది. 2019 మార్చితో ముగిసే ఆర్థిక సంవత్సరంలోపే గేమ్ రావాలని పట్టుబట్టింది. గేమ్ తయారీకి వాడిన ఫ్రాస్ట్‌బైట్ ఇంజిన్ (సాఫ్ట్‌వేర్) అలాంటి గేమ్‌కి సరిపోక టీమ్ నానా అవస్థలు పడుతుంటే, ఆ ఇంజిన్ నిపుణుల్లో ఎక్కువమంది సాయం ఫిఫా లాంటి కాసులు కురిపించే గేమ్‌లకే వెళ్ళింది. అయితే ఫ్రాస్ట్‌బైట్‌ని ఎంచుకున్నది తామేనని బయోవేర్ మాజీ అధిపతి ఆరిన్ ఫ్లిన్ తర్వాత చెప్పారు. ఆఖరి ఏడాది తాడు బిగించింది ఈఏ, నిజమే. అంతకుముందు ఐదేళ్ళు పోయింది ఎవరి చేతుల్లో?

"సైబర్‌పంక్ 2077ని ఇన్వెస్టర్లు తొందరపెట్టారు" అన్నది ఇంకా విచిత్రమైన వాదన. ఆ గేమ్ చేసిన సీడీ ప్రాజెక్ట్ తన గేమ్‌లకి తానే పబ్లిషర్. పెద్ద వాటాదారుల్లో దాన్ని పెట్టినవాళ్ళే ఉన్నారు. పైనుంచి కర్ర పట్టుకున్న ఈఏ లేదు, యాక్టివిజన్ లాంటి ఇంకో పెద్ద పబ్లిషరూ లేదు. ది విచర్ 3 తర్వాత ప్రపంచం మొత్తానికి ఫేవరెట్ డెవలపర్ వాళ్ళే. 2020 ఏప్రిల్ అన్నారు, సెప్టెంబరు అన్నారు, నవంబరు అన్నారు, చివరికి డిసెంబరు 10న వదిలారు. ముందుగా సమీక్షకులకి ఇచ్చింది పీసీ కాపీలే. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్‌ల మీద గేమ్ ఎంత అధ్వాన్నంగా ఉందో డబ్బులు కట్టినవాళ్ళకి మొదటిరోజే తెలిసింది. ప్రీ-ఆర్డర్లు అప్పటికే 80 లక్షలు. కావాల్సినవాళ్ళు డబ్బు వాపసు అడగండని కంపెనీ ప్రకటించేసింది. వాపసు ఇవ్వాల్సిన దుకాణం మాత్రం సోనీది! వారం తిరక్కుండా సోనీ ఆ గేమ్‌ని ప్లేస్టేషన్ స్టోర్ నుంచే తీసేసింది. 2021 జూన్‌లో గానీ తిరిగి పెట్టలేదు.

ఏ కొరడా కింద ఇదంతా జరిగింది? 2019లో సిబ్బందితో బలవంతపు ఓవర్‌టైమ్ చేయించబోమని మాటిచ్చి, 2020 సెప్టెంబరులో వారానికి ఆరు రోజులు రమ్మన్నది యాజమాన్యమే. కో-ఫౌండర్ మార్చిన్ ఇవిన్‌స్కీ 2021 జనవరిలో వీడియో పెట్టి, తప్పు తనదీ పై నాయకత్వానిదీ అని, టీమ్‌లని నిందించవద్దని చెప్పారు. వాళ్ళే ఒప్పుకున్నాక కూడా అభిమానులు వాళ్ళ తరఫున వేరే దోషిని వెతుకుతున్నారు. 2023 సెప్టెంబరు నాటి 2.0 అప్‌డేట్, అదనపు కథ ఫాంటమ్ లిబర్టీ అద్భుతంగా ఉన్నాయి, కాదనను. వాటికి మెచ్చుకుంటే 2020కి తిట్టడమూ అదే చిరునామాకి వెళ్ళాలి.

లూట్ బాక్సుల మాటకొస్తే, 2017 నవంబరులో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 మీద రెడ్డిట్‌లో ఈఏ ఇచ్చిన జవాబుకి ఆరున్నర లక్షలకి పైగా డౌన్‌వోట్లు పడ్డాయి. గిన్నిస్ రికార్డు కూడా అయింది. పడాల్సిందే. ఫిఫాలో ప్యాకులు అమ్మడం 2009 నుంచీ ఉంది, అదీ ఈఏదే. కానీ టీమ్ ఫోర్ట్రెస్ 2లో తాళం వేసిన పెట్టెలిచ్చి తాళంచెవి డబ్బుకి అమ్మడం 2010లో మొదలుపెట్టింది వాల్వ్, అంటే స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణం నడిపే కంపెనీ. 2013లో కౌంటర్-స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్‌లో "కేసులు" అనే పెట్టెలు పెట్టి, వాటిలో వచ్చే తుపాకీ స్కిన్లని (రంగుల అలంకారాల్ని) తన స్టీమ్ మార్కెట్లోనే అమ్ముకోనిచ్చి, ప్రతి అమ్మకంలోనూ కమిషన్ తీసుకున్నదీ వాల్వే. చేతికొచ్చిన వస్తువుకి మార్కెట్ ధర ఉంటే అది జూదానికి ఎంత దగ్గరో చెప్పనక్కర్లేదు. 2018లో బెల్జియం గేమింగ్ కమిషన్ నాలుగు గేమ్‌లని పరిశీలించింది. ఫిఫా 18, ఓవర్‌వాచ్, కౌంటర్-స్ట్రైక్ జూదం చట్టాన్ని ఉల్లంఘిస్తున్నాయని తేల్చింది. బ్యాటిల్‌ఫ్రంట్ 2 బయటపడింది, ఎందుకంటే ఆ గొడవ దెబ్బకి ఈఏ అప్పటికే ఆ పద్ధతి మార్చేసింది. తిట్లు తిన్నవాడు ఆ గేమ్‌లో మార్చాడు, ముద్దొచ్చినవాడు అప్పటికి మార్చలేదు.

నెట్ సెంటర్లో గంటకింత కట్టి కౌంటర్-స్ట్రైక్ 1.6 ఆడి పెరిగిన మన తరానికి వాల్వ్‌ని ఏమైనా అనాలంటే నోరు రాదు. నాకూ అంతే. కానీ బీజీఎంఐ మొబైల్ గేమ్‌లో తమ్ముడు యూసీ (ఆ గేమ్ డబ్బు) కొని క్రేట్లు తెరుస్తుంటే కేకలేసి, స్టీమ్‌లో కేసు తెరిచేవాడిని సరదాగా స్కిన్లు పోగుచేసుకునేవాడు అనడం కుదరదు. పైగా బీజీఎంఐకి డెవలపరూ పబ్లిషరూ క్రాఫ్టనే. అక్కడ కళాకారుడెవరు, విలనెవరు?

"పబ్లిషర్ పీడ వదిలితే చాలు" అన్నదానికి డెస్టినీ 2 చేసిన బంజీ స్టూడియో కథ చాలు. యాక్టివిజన్‌తో 2019 జనవరిలో తెగతెంపులు చేసుకున్నప్పుడు స్టూడియోలో షాంపేన్ సీసాలు తెరిచారని వార్తలొచ్చాయి. మరుసటి ఏడాది నవంబరులో డెస్టినీ 2 మొదటి కథ, జనం డబ్బు పెట్టి కొన్న రెడ్ వార్, గేమ్‌లోంచి మాయమైంది. 2022 ఫిబ్రవరిలో ఫోర్‌సేకెన్ కథా పోయింది. అప్పటికి యాక్టివిజన్ లేదు, సోనీ కొనుగోలూ పూర్తి కాలేదు. తీసినవాళ్ళు వాళ్ళే. అదే 2019లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ చేసిన సెకిరో గేమ్ ఆఫ్ ది ఇయర్ అయింది. దాన్ని జపాన్ బయట అమ్మిన పబ్లిషర్ యాక్టివిజనే. మరి సెకిరోని ఎందుకు చంపలేదు?

లేరియన్ పేరు చెప్పకపోతే ఊరుకోరని తెలుసు. బాల్డర్స్ గేట్ 3ని వాళ్ళే పబ్లిష్ చేసుకున్నారు, దాదాపు మూడేళ్ళు ఎర్లీ యాక్సెస్‌లో (పూర్తికాకముందే అమ్ముతూ) ఉంచి 2023 ఆగస్టులో వదిలారు. నా ఫేవరెట్ల లిస్టులో పైన ఉండేది వాళ్ళే. ఆ స్వేచ్ఛ సీడీ ప్రాజెక్ట్‌కీ ఉంది, వాడిన తీరు వేరు.

ఈ వాదన నిజంగా బలంగా నిలబడే చోటు ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ పెద్దగా వాడరు. టాంగో గేమ్‌వర్క్స్ 2023 జనవరిలో హై-ఫై రష్ ఇచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. 2024 మేలో మైక్రోసాఫ్ట్ ఆ స్టూడియోని మూసేసింది. తర్వాత దాన్ని తీసుకుని నిలబెట్టింది మళ్ళీ క్రాఫ్టనే. పబ్లిషర్‌ని తిట్టాలనుకుంటే తిట్టడానికి ఇంతకంటే మంచి కేసు దొరకదు.

"డెవలపర్లు కళాకారులు" అన్నప్పుడు ఎవరిని అంటున్నారో కూడా చూడాలి. రోజుకి పన్నెండు గంటలు, వారానికి ఆరు రోజులని 2010లో బహిరంగ లేఖ రాసింది రాక్‌స్టార్ శాండియాగో ఉద్యోగుల భార్యలు. అంటే మన వైస్ సిటీ కంపెనీయే. 2004లో అలాంటి లేఖే ఈఏ మీద వచ్చింది. రెండు చోట్లా నలిగినవాళ్ళు ఒకే రకం మనుషులు, నలిపిన బాసుల్లో ఒకడు మనకి హీరో, ఒకడు విలన్. హైదరాబాద్‌లో ఈఏ ఆఫీసుంది. అందులో కోడ్ రాసే, టెస్టింగ్ చేసే మనవాళ్ళు కూడా డెవలపర్లే. ఈఏని తిట్టే పోస్టులో వాళ్ళకి చోటెక్కడ?

ఇక చివరి సలహా, వాళ్ళ గేమ్‌లు కొనకండని. అది పాటించి ఉంటే 2021 గేమ్ ఆఫ్ ది ఇయర్ ఇట్ టేక్స్ టు మీ చేతికి వచ్చేది కాదు. స్వీడన్‌లోని హేజ్‌లైట్ అనే స్వతంత్ర స్టూడియో చేసింది, ఈఏ పబ్లిష్ చేసింది. 2025 మార్చిలో వచ్చిన స్ప్లిట్ ఫిక్షన్ కూడా అదే జంటది. రెండూ ఇద్దరు కలిసి ఆడాల్సినవే. ఒకరు కొంటే చాలు, ఫ్రెండ్స్ పాస్‌తో రెండోవాళ్ళు ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఆడొచ్చు.